బోనెట్టుకి సరిపడా గాలి

పొద్దున్నే గ్లాసుడు నీళ్ళు తాగి, జుట్టు ముడేసుకుని, అక్క షెడ్డులోకొచ్చి స్టూలు మీద కూర్చునేది. రబ్బరు హోసు కొస నోట్లో పెట్టుకునేది. అవతలి కొసకి స్ప్రే గన్ను, గన్ను పట్టుకుని తమ్ముడు. ఆవిడ ఊదేది, అతను కార్లకి రంగు కొట్టేవాడు. కారు తలుపుకి ఒక ఊపిరి, టాపుకి ఒక ఊపిరి. మధ్యలో ఆగడాలూ ఆయాసపడడాలూ లేవు. ఊదుతూనే ఒళ్ళో పేపరు పరుచుకుని చదివేది. దారిన పోయేవాళ్ళు "ఏమ్మా, ఎవరిదీ కారు?" అంటే చెయ్యెత్తి ఊపేది. నోరు ఖాళీ లేదుగా పాపం.

ఆవిడ ఊపిరి అయిపోదు. అంతే. కొందరికి జుట్టు ఒత్తుగా ఉంటుంది, కొందరికి మోకాళ్ళు గట్టిగా ఉంటాయి, ఈవిడకి ఊపిరి. వీధిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఎవరి పనులు వాళ్ళకుంటే ఆశ్చర్యపోయే తీరికెక్కడిది? కార్లవాళ్ళకి మాత్రం దాని విలువ తెలుసు. మిషన్ గాలిలో నూనె తుంపరో నీటి చుక్కో కలిసొచ్చి రంగులో సన్నటి గుంటలు పడతాయి. అక్క గాలికి ఆ బెడద లేదు. "అక్కగారు ఊదేదేనా?" అని అడిగి మరీ బండి వదిలి వెళ్ళేవాళ్ళు.

మొదట్లో ఇదేమీ పెద్ద ఏర్పాటు కాదు. నాన్న చనిపోయిన ఏడాది తమ్ముడు ఇంటి వెనక షెడ్డులో పెయింటింగు మొదలుపెట్టాడు. గన్ను కొన్నాడుగానీ దానికి గాలి కొట్టే మిషన్, కంప్రెసర్, కొనే స్తోమత లేకపోయింది. "ఇటివ్వరా, ఈ ఒక్క కారుకీ నేను ఊదుతా" అంది అక్క. ఆ ఒక్క కారు ఇరవై ఏళ్ళు నడిచింది.

అక్కకి వేరే సంగతులేం రాలేదా అంటే వచ్చాయి. ఓసారి పెళ్ళి మాట వచ్చింది, ఓసారి ఉద్యోగం మాట వచ్చింది. వచ్చినప్పుడల్లా తమ్ముడు ఒకటే అన్నాడు: "ఈ ఒక్క కారు అయ్యాక చూద్దాం అక్కా." కారు అయ్యేసరికి ఇంకో కారు గేటు దగ్గరుండేది.

చివరికి గాజు మేస్త్రి వచ్చాడు. ఊరవతల గాజు బట్టీ ఉన్న పెద్దాయన. వ్యాను తలుపు గీసుకుపోయిందని రంగుకి తెచ్చి, అక్క ఒకే ఊపిరిలో ఆ తలుపంతా ముగించడం చూసి, తన వ్యాను సంగతే మర్చిపోయాడు.

"మా దగ్గర కరిగిన గాజుని గొట్టంతో పెద్ద గోళంగా ఊదాలంటే ముగ్గురు మారాలి తల్లీ. మారినచోట గాజు ముడతపడుతుంది. ఉండడానికి గదిస్తా, జీతమిస్తా. వస్తావా?"

ఆ పూట భోజనాల దగ్గర అక్క చెప్పింది. "వెళ్తానురా. ఇన్నేళ్ళు ఊదానా, అదంతా ఎక్కడికి పోయిందో నాకే తెలీదు. నా ఊపిరి ఎలా ఉంటుందో ఒక్కసారి కంటితో చూడాలనుంది."

"అలాగే అక్కా. ఈ ఒక్క..." అని పెయింటరు మొదలెట్టాడోలేదో భార్య అతని కాలు తొక్కింది.

"ఈసారి కారు కాదండీ, కంప్రెసర్. అది రాగానే వదిన వెళ్తుంది. బుధవారం వ్యాను తెమ్మని మేస్త్రిగారికి చెప్పేశా" అంది.

సోమవారం అతను మిషన్ల కొట్టుకి వెళ్ళాడు.

"ఇప్పుడు గాలి దేంతో కొడుతున్నారు?" అనడిగాడు కొట్టాయన.

"మా అక్కతో."

కొట్టాయన తలూపాడు. "అక్కకి సాటి వచ్చేది మా దగ్గర లేదండి, ఉన్నమాట చెప్తున్నా. దగ్గర్లో ఉన్నది చూపిస్తా, రండి."

మిషన్ల మధ్య నడుస్తూ చెప్పుకుపోయాడు. "అందరూ మోటారు ఎన్ని హార్స్ పవరు అని అడుగుతారు, గాలి మీటరు ముల్లు ఎంతదాకా పోతుందో చూస్తారు. చూడాల్సింది అది కాదు. మిషను నిమిషానికి ఎంత గాలిస్తుంది, మీ గన్ను ఎంత తాగుతుంది, ఈ రెండే. తాగేదానికంటే ఇచ్చేది ఎక్కువుండాలి. లేదంటే సగం తలుపులో గాలి పడిపోయి గన్ను రంగుని ఉమ్ముతుంది." మనిషి పడుకుంటే పట్టేంత పొడుగున్న నీలం ట్యాంకుని తట్టాడు. "కారుకైతే ఇది. నీళ్ళు పట్టే ఫిల్టరు దీంతోనే వస్తుంది. మీ ఇంటి కరెంటుకే నడుస్తుంది."

ఇవన్నీ పెయింటరుకి తెలియనివి కావు. నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. కానీ అతని కళ్ళు మూలనున్న చక్రాల ఎర్ర మిషన్ మీద ఉన్నాయి. చంకలో పెట్టుకుపోవచ్చనిపించేంత చిన్నది.

"అదివ్వండి."

"అది టైర్లకీ, దుమ్ము ఊదుకోడానికీనండి. కార్లకన్నారుగా?"

"చిన్న చిన్న పనులేలెండి."

"మీ ఇష్టం. అయినా అక్కగారున్నారుగా, ఇంకొన్నాళ్ళు ఊదుతారు" అన్నాడు కొట్టాయన బిల్లు పుస్తకం తీస్తూ.

"ఆవిణ్ణి నేనేం ఆపడం లేదే" అన్నాడు పెయింటరు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

జేబులో పెద్దదానికి సరిపడా డబ్బుంది. దారంతా అది తొడకి గుచ్చుకుంటూనే ఉంది. తను చేసింది మోసమని అతను ఒప్పుకోలేదు. మిషన్ చాల్లేదంటే అక్క ఓ నెల ఆగుతుంది, ఆ నెల తర్వాత ఇంకో నెల. ఎవరూ ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. అలా అనుకుంటూనే ఇల్లు దాటి రెండు వీధులు ముందుకెళ్ళిపోయి, వెనక్కి తిరిగొచ్చాడు.

అక్క మిషన్ చుట్టూ ఓసారి తిరిగింది. ట్యాంకుని వేలి కణుపుతో తట్టి చూసింది.

"చిన్నదిగా ఉందేంరా?"

"సరిపోతుందక్కా."

షెడ్డులో పళ్ళ డాక్టరుగారి కారుంది. బోనెట్టుకి ముదురు నీలం కొట్టాలి. మంగళవారం పొద్దున పెయింటరు మిషన్ ఆన్ చేశాడు. ఇరవై ఏళ్ళుగా పేపరు తిప్పిన చప్పుడు తప్ప ఎరగని షెడ్డు దడదడలాడింది. బోనెట్టు సగానికొచ్చేసరికి ముల్లు జారిపోయింది, మోటారు మూలిగింది, గన్ను బొట్లు బొట్లుగా రంగు ఉమ్మింది.

"చూశావా అక్కా, మిషన్లని నమ్ముకోలేం. ఇంకో నెలుండు, మంచిది వెతుకుతా." ఆ మాట అతని నోట్లో ముందురోజు నుంచీ తయారుగా ఉంది. అందుకే కాస్త తొందరగా వచ్చేసింది.

"ఆడలేక మద్దెల ఓడంటారు. ఆ మద్దెలని ఏరి తెచ్చింది మీరేగా" అంది భార్య గుమ్మంలోంచి.

ఆరిన బొట్లని తమ్ముడు సాండ్ పేపరుతో రుద్దుతుంటే అక్క పక్కన నిలబడి నీళ్ళు పోసింది. తిట్టినా బావుండేదనుకున్నాడతను. ఆ రోజంతా తేలు కుట్టిన దొంగలా తిరిగాడు.

బుధవారం పొద్దున అక్క అతన్ని రంగులో కలిపే థిన్నరు తెమ్మని పంపింది. తిరిగొచ్చేసరికి ట్యాంకు పక్కన నేలమీద కూర్చుని ఉంది, హోసు ఒళ్ళో ఉంది. మోటారు ప్లగ్గు ఊడదీసి ఉంది. ముల్లు మాత్రం ఎర్రగీత మీద నిలబడి ఉంది.

"కొట్టుకో, తగ్గదు" అని లేచి, బట్టలు సర్దుకోడానికి మేడ మీదికి వెళ్ళింది.

అతను గన్ను నొక్కాడు. గాలి నిలకడగా, మెత్తగా వచ్చింది. ఒక వరస కొట్టాడు, రెండో వరస కొట్టాడు. ముల్లు కదల్లేదు. ఈ ట్యాంకుతో పదేళ్ళు లాగెయ్యొచ్చని లెక్క తేలింది, పెదాల మీద నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే అతనికి ముందొచ్చింది సంతోషమే. అది దాచి మిగతాది చెప్తే కథ అబద్ధమవుతుంది.

అప్పుడు మెట్ల మీంచి ఏదో వినిపించింది. చిల్లు పడ్డ ట్యూబులోంచి గాలి పోతున్నట్టుంది. తల బయటపెట్టి చూశాడు. సగం మెట్ల దగ్గర అక్క రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ భుజాలు ఎగిసిపడుతున్నాయి.

అక్క రొప్పడం అతను పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు.

గన్ను కింద పెట్టేశాడు. ఆ ఊపిరి లేకుండా బట్టీ దగ్గరికెళ్ళి ఈవిడేం చేస్తుంది? మొదటి గోళం సగం ఊదేసరికి కూలబడుతుంది. మేస్త్రి నొచ్చుకుంటూనే వెనక్కి తెచ్చి దింపుతాడు. అక్క మళ్ళీ ఈ స్టూలు మీదికే వస్తుంది, ఈసారి ఊదడానిక్కూడా ఏమీ మిగలకుండా. తను కోరుకున్నది ఇదే కదా అనుకున్నాడు.

వ్యాను హారను వినిపించింది. మేస్త్రి పెట్టె ఎక్కించుకుంటుంటే పెయింటరు ఎర్ర మిషన్ని గేటు దాకా లాక్కొచ్చాడు. గన్ను పీకేసి హోసు కొస అక్క ముందు పెట్టాడు.

"తీసుకో అక్కా. ఇది నీది."

"ఉంచుకోరా. నీకు పనికొస్తుంది."

"చిన్నది కావాలనే తెచ్చాను. డబ్బుండే తెచ్చాను. నువ్వు వెళ్ళకూడదని."

"తెలుసు. నీకు ట్యాంకు సైజు తెలీకపోవడమేంట్రా?" ఆ రెండు మాటలకే ఆవిడ ఊపిరి తీసుకోవాల్సొచ్చింది.

"తెలిసీ ఎందుకు నింపావు?"

అక్క హోసు వంక చూసింది. "నువ్వు నోరు తెరిచి ఉండమంటే ఉండిపోతానేమోనని భయమేసింది. నువ్వు అడక్కముందే ఇచ్చేసి పోదామనుకున్నా."

అతను హోసు కొస ఆవిడ చేతిలో పెట్టాడు. "అడగను. ఎప్పుడూ అడగను. వెళ్ళక్కా, నీ ఊపిరి నువ్వు తీసుకుని వెళ్ళు."

మేస్త్రి వెనక టైరు చూసే వంకతో అటు తిరిగాడు. అక్క హోసు నోట్లో పెట్టుకుని పీల్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి గాలి ఇటు నడిచింది. ముల్లు మెల్లగా దిగింది. ఆవిడ మొహంలోకి రంగొచ్చింది, భుజాలు కుదురుకున్నాయి. ముల్లు అడుగుకి చేరబోతుండగా ఆపి, పైట చెంగుతో మూతి తుడుచుకుంది.

"బోనెట్టుకి సరిపడా ఉంచాను. ఆ పైన నీ గాలి నువ్వు కొనుక్కో" అని వ్యానెక్కింది.

మిగిలిన సగం బోనెట్టు అతను కొట్టాడు. చివరి వరస అంచు దాటగానే ముల్లు సున్నా మీద వాలింది. అతను వెళ్ళి అక్క స్టూలు మీద కూర్చున్నాడు.

మర్నాడు కొట్టాయన నీలం ట్యాంకుకి బిల్లు రాశాడు. అది వచ్చాక వీధి వీధంతా ఆ మోతకి తిట్టుకుంది, తర్వాత అలవాటు పడింది.

ఆర్నెల్లకి మేస్త్రి వ్యాను మళ్ళీ వచ్చింది. వెనక తగిలించిన ట్రాలీలో, గడ్డి మీద ఒక గాజు గోళం. ఎక్కడా గీత లేదు, ముడత లేదు. నలుగురు పట్టి దించారు. షెడ్డు తలుపులోంచి పట్టలేదు, ఇంటి గుమ్మంలోంచీ పట్టలేదు.

"మీ అక్క పంపింది. ఒక్క ఊపిరి. అది కూడా మధ్యలో ఆపించాం, బట్టీ తలుపు చాలక" అన్నాడు మేస్త్రి.

పెయింటరు లోపలికెళ్ళి మోటారు ఆపొచ్చాడు. అతని చేతిలో పాత రబ్బరు హోసు అలాగే ఉంది, బొటనవేలంత లావుది. దాన్ని చూశాడు, గోళాన్ని చూశాడు. మేస్త్రి కాఫీ తాగి వెళ్ళాడు. గోళం వాకిట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు కార్లు దాని పక్కనుంచి కాస్త చుట్టూ తిరిగి లోపలికి వెళ్తాయి.