కొలతకర్ర పక్కన

"బొగ్గులు తడిగా ఉన్నాయేమో చూసుకో. పొగొస్తే పక్షులు దిగవు," అన్నాడు మా ఆయన ప్రొద్రొమోస్, దుప్పటి లోంచే.

నేను అప్పటికే వసారాలో గొంతుక్కూర్చుని కుంపటి విసురుతున్నాను. ఆరు శీతాకాలాలుగా రోజూ పొద్దున్నే ఈ కుంపటి రాజేసేది నేనే. ఏ బొగ్గు తడిదో ఏది పొడిదో చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది. అయినా అతను చెప్పాలి, నేను ఊఁ అనాలి. ఊఁ అన్నాను. బొగ్గులు ఎర్రబడ్డాక కుంపటిని గట్టు మీది రెల్లు గుడిసెకి మోసుకెళ్లి, అతను కూర్చునే ముక్కాలిపీటకి ముందు, కాళ్లు చాపితే వెచ్చగా తగిలేంత దూరంలో పెట్టి వచ్చాను. తర్వాత కాఫీ కాచి అతనికిచ్చాను. నేను తాగలేదు. కాఫీ తాగితే నాకు చేతులు వణుకుతాయని అతను ఒకసారి అన్నాడు, అప్పటినుంచీ పొద్దుటి కాఫీ మానేశాను.

మా ఇల్లు కెర్కినీ సరస్సు గట్టు కింద ఉంటుంది. ప్రొద్రొమోస్ ఇరవై ఎనిమిదేళ్లు కాలవల శాఖలో చేశాడు. సరస్సులో నీరు ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అని కొలతకర్రలు చూసి పుస్తకంలో రాయడం పని. ఉద్యోగం అయిపోయాక కెమెరా కొన్నాడు, దానికి నా చెయ్యంత పొడుగు లెన్సు కొన్నాడు. గుడిసెకి నలభై మీటర్ల దూరంలో ఒక చెక్కల వంతెన నీళ్లలోకి వెళ్లి ఆగిపోతుంది. దాని చివర పాత కొలతకర్ర ఒకటి ఉంది, రంగులు వెలిసిపోయి, ఎవరూ చూడకుండా. పడవలు వలలు తీసి తిరిగొచ్చేటప్పుడు పనికిరాని చిన్న చేపల్ని అక్కడే విసిరేస్తారు, పెలికాన్లు, అవే గూడబాతులు, అక్కడే దిగుతాయి. అంత పెద్ద పక్షి రెక్కలు చాచుకుని మీదికొస్తున్నప్పుడు ఫోకస్ వెతుక్కోవడానికి టైం ఉండదు. కెమెరాకి వదిలేస్తే వెనక ఉన్న రెల్లుని పట్టుకుంటుంది. అందుకని అతను ముందే, చేత్తో, కొలతకర్ర దగ్గరికి ఫోకస్ బిగించి పెట్టుకుంటాడు. బిగించడానికి అక్కడ ఏదో ఒకటి ఉండాలి. అదే నేను.

నల్ల కోటు వేసుకుని, తలకి తెల్లగుడ్డ కట్టుకుని, అతనికి వీపు పెట్టి నిలబడాలి. తలగుడ్డ అంచున మా అత్తగారు పార్థెనా అల్లిన అల్లిక ఉంది. ఆ కుట్లు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తే ఫోకస్ కుదిరినట్టు. వెలుతురు లెక్క కూడా నా మీదే. చుట్టూ నీళ్లు నల్లగా ఉంటాయి కదా, కెమెరా అంతా చీకటనుకుని వెలుతురు ఎక్కువ లాగేస్తుంది, పక్షి రొమ్ము ఒక్క ఈక కూడా కనబడకుండా సున్నం కొట్టిన గోడలా తేలుతుంది. అందుకని నా తలగుడ్డ తెలుపు ఎంతవరకు అలా తేలిపోకుండా ఉంటుందో అంతకి తగ్గించి పెట్టుకుంటాడు. మరీ తగ్గిస్తే నా కోటు మడతలు కనబడవు, నీటికాకుల నలుపూ పోతుంది. అలా ఆరేళ్లలో అతని ఫోటోల్లో తెలుపు ఎప్పుడూ చెడలేదు. ఆ మాట ఎవరూ అనలేదు, అది వేరే సంగతి. పడవ కనబడగానే ఒకసారి ఈల వేస్తాడు, నేను పక్కనున్న రెల్లు తడిక వెనక చతికిలబడాలి. రెండుసార్లు వేస్తే లేచి నిలబడాలి. ఊళ్లో కుక్కల్ని కూడా పేరు పెట్టి పిలుస్తారు.

సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. ఫోటోని పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, నన్ను పిలుస్తాడు. "ఇటు రా. చూడు. నువ్వు కదిలావు." చూస్తాను. నా మీద బిగించుకుంటూ తీసిన దాంట్లో కుట్లు కలిసిపోయి ఉంటాయి. పక్షి కన్ను పిండిముద్దలా ఉంటుంది. "నీ మీద బిగించుకున్నాను, నువ్వు జానెడు ముందుకి జరిగావు, పక్షి మీద మొత్తం పోయింది. ఇంత లెన్సుకి జానెడంటే ఎంతో తెలుసా నీకు?" తెలుసు. చెప్పగా చెప్పగా తెలిసింది. అతను చెయ్యాల్సినవన్నీ చేస్తాడు, కాదనను. ట్రైపాడ్‌కి ఇసకమూట వేలాడదీస్తాడు, కెమెరాని ముట్టుకోకుండా తీగతో నొక్కుతాడు, ఊపిరి బిగబడతాడు. అన్నీ చేశాక కూడా బొమ్మ అలుక్కుపోతే ఇక మిగిలేది నేనే కదా. మార్చి వచ్చాక ఫోటోలు బాగా వచ్చేవి. "చలి తగ్గితే కుదురుగా నిలబడతావు నువ్వు," అనేవాడు.

ఆ మాట లెన్సు దగ్గరే ఆగి ఉంటే బాగుండేది. చారు మాడితే "కుదురు లేదు". చర్చిలో మోకాలు నొప్పెట్టి కాలు మార్చుకుంటే అత్తగారు పక్కవాళ్లకి వినబడేలా "మా కోడలు ఒక్కచోట నిలవలేదమ్మా, పాపం వాడు ఏం పడుతున్నాడో" అనేది. నాకు యాభై రెండేళ్లు. నన్నింకా "కోడలా" అనే పిలుస్తుంది, నిన్న కాక మొన్న గడప దాటి వచ్చినట్టు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మాను. గిన్నెలు తోముతూ నిలబడటం ప్రాక్టీసు చేసేదాన్ని. బస్సు కోసం నిలబడితే నా భుజాలు ఊగుతున్నాయేమో అని చూసుకునేదాన్ని. నాలోనే ఏదో లోపం ఉందని, అందరికీ వచ్చిన ఒక మామూలు పని నాకు రాదని, సిగ్గుపడేదాన్ని. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

జనవరి ఏడున ప్రొద్రొమోస్ పేరుపండగ. అతని పేరున్న పునీతుడి రోజు. ముందురోజు అత్తగారు మాంసం కాల్చడానికి బొగ్గులన్నీ వాడేసింది. పొద్దున్నే కుంపటి లేదు. "పండగ రోజున నా కాళ్లు గడ్డకట్టాలి," అని గొణుక్కుంటూనే గుడిసెకి వెళ్లాడు. నేను వంతెన మీద నిలబడ్డాను కానీ మనసంతా ఇంట్లో ఉంది. పదిహేను మంది వస్తారు, పిండి పొంగుతుందో లేదో, నిల్వ పెట్టిన గేదె మాంసం ఇంకో కుండ తీయాలా అని వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటున్నాను. చలికి కాళ్లు తపతపా కొట్టాను. బూటు లేసు ఊడితే వంగి కట్టుకున్నాను. రెండుసార్లు తుమ్మాను. ఒకసారి ఇంటి పొగగొట్టం చూద్దామని పూర్తిగా వెనక్కి తిరిగాను కూడా. ఆరేళ్లలో అన్ని కదలికలు నేనెప్పుడూ కదల్లేదు. సాయంత్రం ఏం వినాలో నాకు తెలుసు.

సాయంత్రం చుట్టాల ముందు కంప్యూటర్ తెరిచాడు. పక్షులు ఎగరలేదు, ఊరికే నీళ్ల మీద కూర్చుని ఉన్నాయి, కానీ ఒక్కో ఈక లెక్కపెట్టొచ్చు. నా తలగుడ్డ కుట్లు గీత గీసినట్టు ఉన్నాయి. "చూశారా? మొత్తానికి ఆరేళ్లకి మా ఆవిడ నిలబడటం నేర్చుకుంది," అన్నాడు. అందరూ నవ్వి నాకేసి గ్లాసులెత్తారు. అతని బావమరిది వరస ఒకతను "ఇవాళ మేకులు కొట్టి నిలబెట్టావా ఏంటి?" అన్నాడు. నేను పళ్లెం పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాను. నేను కదిలిన రోజు కదల్లేదన్నారు. అయితే కదలని రోజుల్లో కదిలిందేమిటి?

నాలుగు రోజుల తర్వాత సమాధానం దొరికింది. అతను ఇంటికి చేతితొడుగులు తెచ్చుకోవడానికి వెళ్లాడు. నేను కుంపటిలో బూడిద దులపడానికి గుడిసెలోకి వెళ్లాను. కెమెరా వంతెన వైపు చూస్తోంది. ఎప్పుడూ ముట్టుకోనిది, కన్ను ఆనించాను. కొలతకర్ర అంత దగ్గరగా కనబడుతుందని నాకు తెలియదు. దాని మీది అంకెలు సన్నగా కదలాడుతున్నాయి, నీళ్లలోంచి చూస్తున్నట్టు. కర్ర కదులుతుందా? అది నేలలో దిగేసిన కర్ర. బూడిద పారబోద్దామని కుంపటి ఎత్తి బయట పెట్టి, మళ్లీ కన్ను ఆనించాను. అంకెలు ఆగిపోయాయి. మళ్లీ లోపల పెట్టాను. ఆడాయి. మళ్లీ బయట పెట్టాను. ఆగాయి. కుంపటి వేడి, లెన్సు బయటికి చూసే గుడిసె కన్నంలోంచి, సరిగ్గా లెన్సు ముందు నుంచి పైకి పోతోంది. ఆరేళ్లుగా నేనే విసిరి, నేనే మోసి, నేనే పెట్టిన నిప్పు. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేక, వెళ్లి నా చోట నిలబడ్డాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. కుంపటి కాళ్ల ముందు కాకుండా వెనక పెడితే సరిపోతుందని, అంకెలు ఆడటం నా కళ్లతో చూశానని.

ప్రొద్రొమోస్ రొట్టె తుంచడం ఆపాడు. "నువ్వు కెమెరా ముట్టుకున్నావా?"

"చూశానంతే. నువ్వూ చూడు రేపు. పెట్టి ఒకసారి, తీసి ఒకసారి."

"స్మరో, అది సరస్సు ఆవిరి. ఇరవై ఎనిమిదేళ్లు ఆ నీళ్ల మీద బతికాను. నువ్వా నాకు చెప్పేది?"

"పేరుపండగ రోజు కుంపటి లేదు. ఫోటోలు బాగొచ్చాయి."

"ఆ రోజు నువ్వు కదల్లేదు."

"కదిలాను. బూటు కూడా కట్టుకున్నాను."

అతను తల్లి వైపు తిరిగి నవ్వాడు. "విన్నావా అమ్మా? కదల్లేదని మెచ్చుకుంటే కదిలానంటుంది. కదిలావంటే కుంపటంటుంది."

"వాడి కాళ్లు వాపులు కోడలా," అంది అత్తగారు, "నిప్పు తీసేస్తే ఎలా?"

"తీసెయ్యమన్లేదు అత్తమ్మా. వెనక పెడతానంటున్నాను."

"మాటలు నేర్చావు," అంది. అంతటితో అయిపోయింది. నేను పళ్లేలు తీశాను.

నెలాఖరుకి పెలికాన్ల ముక్కు కింది గొంతుసంచులు నారింజ ఎరుపుకి తిరిగాయి. సెరెస్ ఊళ్లో ఫిబ్రవరి మొదటి ఆదివారం ఫోటోల ప్రదర్శన. అందులో ఒక గోడ మొత్తం ప్రొద్రొమోస్ బొమ్మకి ఇస్తామన్నారు. దిగుతున్న పక్షి, తెరిచిన ఎర్ర సంచి, ఒక్క ఫోటో చాలు, శుక్రవారం సాయంత్రానికి పంపాలి. సోమవారం నుంచి రోజూ అలుక్కుపోయాయి. రోజూ నేను కదిలాను. గురువారం నాడు "నా జీవితంలో వచ్చిన ఒక్క గోడ, అది కూడా నీ వల్ల పోతుంది" అన్నాడు. అరవలేదు. చాలా నీరసంగా, నిజంగా బాధపడుతూ అన్నాడు. జాలేసింది. నాకు అతని మీద జాలి కొత్త కాదు, ఆ జాలితోనే ఆరేళ్లు నిలబడ్డాను. కానీ ఆ సాయంత్రం మోకాళ్లకి నూనె రాసుకుంటుంటే, ఇక నిలబడలేను అని తెలిసిపోయింది. కోపంగా కాదు. మోయగలిగినంత మోశాక బస్తా దానంతటదే దిగిపోయినట్టు.

శుక్రవారం పొద్దున్నే కుంపటి తీసుకుని గుడిసెకి వెళ్లాను. అతను ట్రైపాడ్ బిగిస్తున్నాడు.

"ఇవాళొక్కరోజు వెనక పెడతాను," అన్నాను.

"ముందే పెట్టు. కాళ్లు నావి."

ముందే పెట్టాను. ఇంకా సరిగ్గా తెల్లారలేదు. వంతెన చివరికి నడిచాను. తడిక వెనక ముందురోజే ఒక విరిగిన తెడ్డు దాచి ఉంచాను. దాన్ని చెక్కల సందులో దిగేసి, కొలతకర్రకి తాడుతో బిగించి కట్టాను. తెడ్డుకి హ్యాంగరు, హ్యాంగరుకి నల్ల కోటు. పాత తువ్వాలు ఉండ చుట్టి పైన పెట్టి, తెల్లగుడ్డ కట్టి, అల్లిక అంచు గుడిసె వైపు ఉండేలా సర్దాను. ముడి కూడా నేను రోజూ వేసుకునే ముడే. ఒక అడుగు వెనక్కి వేసి చూశాను. అతనికి ఆరేళ్లుగా తెలిసిన మనిషి అదే. తర్వాత రెల్లు చాటున, గట్టు కింది దారిలో, స్వెట్టరుతో ఇంటికొచ్చేశాను.

కాఫీ పెట్టుకుని వేడిగా తాగాను. మంచమెక్కాను. సరస్సు మీంచి అతని గొంతు వినబడింది, "బాగుంది, అలాగే ఉండు." చాలా సేపటికి ఈల వినబడింది, ఒకసారి. మళ్లీ ఒకసారి. తర్వాత ఆగకుండా నాలుగైదు. నేను పక్కకి ఒత్తిగిల్లాను. అత్తగారు తలుపు దగ్గరికొచ్చింది. "కోడలా, వంట్లో బాలేదా?"

"బాగానే ఉంది అత్తమ్మా. పడుకున్నాను."

ఆమె కిటికీలోంచి వంతెన వైపు చూసింది, మంచం వైపు చూసింది. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది. పది దాకా నిద్రపోయాను.

నేను లేచి హాల్లోకి వచ్చేసరికి ప్రొద్రొమోస్ బూట్లు కూడా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. అత్తగారు పొయ్యి పక్కన అల్లుకుంటోంది. తెర నిండా పెలికాన్, రెక్కలు పూర్తిగా చాచి, ఎర్ర సంచి తెరిచి, సరిగ్గా ఎక్కడ దిగాలో అక్కడ. పక్కనే నల్ల కోటు, తెల్ల తలగుడ్డ. అన్నీ సన్నగా అలుక్కుపోయి ఉన్నాయి. తెలుపు మాత్రం ఎక్కడా చెడలేదు.

"ఎన్నిసార్లు ఈల వేశాను? కూర్చోవేం?" అన్నాడు, నాకేసి చూడకుండానే. వేలితో తెర మీద తలగుడ్డ అంచు చూపించాడు. "ఆరేళ్లలో ఇలాంటి పక్షి రాలేదు. ఇదిగో, ఈ కుట్లు చూడు. ఇంత చెప్పినా మళ్లీ కదిలావు."

అత్తగారి సూదులు ఆగిపోయాయి.

"ప్రొద్రొమోస్," అన్నాను, "ఆ కోటులో నేను లేను."