ఎండాకాలం పేజీలు

ఆ పుస్తకాల కొట్టులో తక్కిన అరలన్నీ తమ్ముడివి. కిటికీ పక్కనున్న అర మాత్రం అక్కది. చెట్లు, పిట్టలు, పురుగులు, ఏరులు, మట్టి, వీటి గురించి రాసిన పుస్తకాలే అందులో ఉండేవి. చెట్టూ పుట్టా అర అనేవారు. ఒక్కో పుస్తకం కింద ఒక్కో చీటీ. ఎవరు చదవాలో, ఎందుకు చదవాలో అక్క రెండు ముక్కల్లో చెప్పేది. కొనేవాళ్ళు అట్ట వెనక పొగడ్తలు చూసేవారు కాదు, ఆ చీటీ చూసేవారు.

అక్క చూపు మందగించి మందగించి, చివరికి వెలుతురూ చీకటీ తప్ప ఏదీ తెలియకుండా పోయింది. కట్టలు విప్పడం, సర్దడం, బేరాలు, అన్నీ తమ్ముడి మీద పడ్డాయి. అర మాత్రం ఆవిడ వదల్లేదు. సాయంత్రం గిరాకీ పలచబడ్డాక అతను కొత్త పుస్తకం పైకి చదివేవాడు. ఆవిడ బల్లకు ఆనుకుని వినేది. అయ్యాక చీటీ ఆవిడ చెప్పేది, అతను రాసేవాడు.

"నాకు మిగిలిన పని ఇదొక్కటేరా. నా మాట అబద్ధమైన రోజున అర ఎత్తేద్దాం" అనేది.

తమ్ముడు మెత్తని మనిషి. ఎదుటివాళ్ళు బాధపడతారంటే చాలు, మాట మింగేస్తాడు. బుడబుంగల పుస్తకం దగ్గరా అదే చేశాడు.

ఒక మడుగును ఏళ్ళ తరబడి కనిపెట్టి చూసినాయన రాసిన పుస్తకమది. బుడబుంగ అనే చిన్న నీటిపిట్ట పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని ఈదడం, అలికిడైతే మునిగి ఇంకెక్కడో తేలడం, అన్నీ రాశాడు. అక్క పడీ పడీ నవ్వింది. ఆ తర్వాత పుస్తకంలో ఎండాకాలం వచ్చింది. మడుగులోకి రాళ్ళూ మట్టీ తోలారు. వెళ్ళిన పిట్టలు తిరిగొచ్చి, నీళ్ళుండాల్సిన చోట చుట్టూ తిరిగాయి. తమ్ముడు ముందు కళ్ళతో చదువుకున్నాడు. ఎదురుగా అక్క ముఖం మీద ఇంకా ఆ నవ్వు ఉంది. రెండు వేళ్ళతో ఆ పేజీలన్నీ కలిపి పట్టుకుని చప్పుడు కాకుండా తిప్పేశాడు.

"పడుకునే ముందు చదవండి. మనసు తేలికపడుతుంది. ఒంట్లో బాగాలేనివాళ్ళకు మరీ మంచిది." అక్క చెప్పిన చీటీ అది. అతను అలాగే రాసి పుస్తకం కింద పెట్టాడు.

బస్సు కండక్టరు ఆ చీటీ చూసి పుస్తకం కొనుక్కుపోయాడు. ఆయన భార్య కాలు విరిగి మంచం మీద ఉంది. ఒక సాయంత్రం డ్యూటీ దిగి, భుజాన సంచీతోనే కొట్లోకి వచ్చాడు.

"ఏంటక్కగారూ, మనసు తేలికపడుతుందని రాశారు. మా ఆవిడ నిన్నటి నుంచీ ముక్కు చీదుతూనే ఉంది. ఆ మడుగు పూడ్చింది నేనే అన్నట్టు చూస్తోంది నన్ను."

"మడుగు పూడ్చడమేంటి బాబూ?"

"అదేనండీ, ఎండాకాలం భాగం. లారీలొస్తాయి చూడండి."

తమ్ముడు పుస్తకాల కట్టకున్న పురికొస ముడి విప్పుతూ తల దించుకున్నాడు. అక్క ముఖం అతనివైపు తిరిగింది. సరిగ్గా అతనున్న చోటికే.

"పుస్తకం వెనక్కి తీసుకుంటాం. తీసుకురండి" అంది.

"ఎక్కడిస్తుందండీ, దిండు కింద పెట్టుకుంది. అడిగితే నా కాలు కూడా విరగ్గొట్టేలా ఉంది." ఆయన నవ్వాడు గానీ ఎవరూ నవ్వకపోయేసరికి సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.



"వానాకాలం అయ్యాక మళ్ళీ వానాకాలమే వచ్చింది" అంది అక్క. "రాసినాయన బద్ధకస్తుడేమో అనుకున్నాను. మొదట గుంపులుగా ఉన్న పిట్టలు చివర్లో రెండే ఎందుకయ్యాయో కూడా అర్థం కాలేదు. ఇంకా ఏ పుస్తకాల్లో ఏమేం మింగావురా?"

"ఇదొక్కటే అక్కా. ఒట్టు."

"ఈ ఒట్టు నమ్మడమెలా? చీటీలన్నీ పీకెయ్. కొనేవాళ్ళు అట్టలు చూసి కొనుక్కుంటారు."

అతను కదల్లేదు. "నువ్వు బాధపడతావని..."

"వెనకాల గుంట పూడ్చినప్పుడూ ఇలాగే అనుకున్నావు కదూ?"

కొట్టు వెనక నీళ్ళగుంట ఉండేది. చూపున్న రోజుల్లో అక్క పొద్దున్నే గడప మీద కూర్చుని పిట్టల్ని చూసేది. దాన్ని ఎవరో పూడ్చేశాక అతను వెనక తలుపు తియ్యడం మానేశాడు. గొళ్ళెం బిగుసుకుపోయిందని చెప్పాడు.

"కప్పలు అరవడం మానేస్తే నాకు తెలియదా? గొళ్ళేనికి నూనె వెయ్యడానికి ఇన్నాళ్ళు పడుతుందా? నువ్వే చెబుతావని ఊరుకున్నాను."

తమ్ముడు వెళ్ళి చీటీల మీద చెయ్యి వేశాడు. ఒక్కటీ పీకలేక, బుడబుంగల పుస్తకం తీసుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అడక్కుండానే ఎండాకాలం మొదలుపెట్టాడు.

మధ్యలో రెండుసార్లు గొంతు పూడుకుపోయింది. "దగ్గుకుని చదువు" అందే తప్ప ఆవిడ ఆపమనలేదు. పిట్టలు తిరిగి తిరిగి వెళ్ళిపోయాయి. ఆ తర్వాతి వానాకాలం, దూరంగా ఇంకో నీటిపట్టున ఒక జంట తేలింది. ఈ ముక్కలు అతను ఇదివరకే చదివినవే. అప్పుడు చప్పగా దాటిపోయాయి. ఇప్పుడు అక్క చేతులు రెండూ దగ్గరికి తీసుకుంది.

"అందుకే దిండు కింద పెట్టుకుంది" అంది మెల్లగా. తర్వాత, "తలుపు తియ్" అంది.

గొళ్ళెం సులువుగానే వచ్చింది. ఆవిడ గడప మీద తన పాత చోట కూర్చుంది.

"ఏముందో చెప్పు."

"సిమెంటు నేల అక్కా. మూడు వ్యాన్లు ఆపి ఉన్నాయి. గోడ వారన పాత టైర్లు."

"నీళ్ళు?"

అతని నోటిదాకా ఏదో వచ్చింది. మింగేశాడు. ఈసారి మింగింది అబద్ధాన్ని.

"లేవు."

"పిట్టలు?"

"కనిపించడం లేదు. టైర్ల మధ్య పిచ్చిమొక్క మొలిచింది. ఏం మొక్కో నాకు తెలియదు."

"ఆకు తుంచి తీసుకురా. వాసన చూస్తాను."

అతను తెచ్చిచ్చాడు. నలిపి వాసన చూసి, తనకూ తెలియలేదని ఒప్పుకుంది.

"ఇక చీటీ రాయి. ఈ పుస్తకంలో ఎండాకాలం ఉంది. ఏడుపొస్తుంది. దాటెయ్యకుండా చదవండి."

"ఏడుపొస్తుందని రాస్తే ఎవరు కొంటారక్కా? కాస్త మెత్తగా..."

"ఒరేయ్."

అతను చెప్పింది చెప్పినట్టు రాసి, పైకి చదివి వినిపించాడు.