నా ఒంటి మీద సదువు

మజ్జాన్నం అన్నం తిన్నాక ఓ కునుకు తీయకపోతే నాకు ఒంట్లో బాగోదు. మా ధనశ్రీ తీయనిత్తాదేటి. నవారు మంచం మీద ఇలగ నడుం వాల్చేనో నేదో, పుస్తకం పట్టుకుని వచ్చి నా పక్కన కూకుంటాది. "నానమ్మా, సెయ్యియ్యి" అంటాది. ఇత్తాను. ఇయ్యకపోతే ఊరుకునే రకం కాదు.

అది నా కొడుకు నానాజీ కూతురు. అనకాపల్లిలో ఇంటరు రెండో ఏడు, బైపీసీ. ఏసంకాలంలో నీట్ అని పెద్ద పరీచ్చ ఉందంట. అది గట్టెక్కితే డాక్టరు సదువులో సేర్చుకుంటారు. గట్టెక్కకపోతే ఏటో నన్నడక్కండి, నాకు తెల్దు.

నా ఏళ్ళు ఒక్కొక్కటే నొక్కుతా ఎముకల పేర్లు సదువుతాది. ఏలికో పేరు, మణికట్టుకో పేరు, మోసేతికి ఇంకో పేరు. ఒక్కటీ నా నోట్లో తిరగదు. బొమ్మల్లో సూత్తే గుర్తుండవంట, మనిషి మీద అయితే ఉంటాయంట. ముసిల్దాన్ని కదా, కండ కరిగిపోయి ఎముకలన్నీ పైకే కనిపిత్తాయి. "నువ్వు బలే పనికొత్తావు నానమ్మా" అంటాది. ఈ ఇంట్లో ఇన్నాళ్ళకి నన్ను ఆ మాట అన్నది అదొక్కతే. మా కోడలు గంగాభవాని కూడా ఈ మాట ఇంటే బాగుండును.

ఆ ఏళప్పుడు ఈదిలో అలికిడి ఉండదు. ఊరవతల బెల్లం పొయ్యిలు మండుతుంటాయి. సెరుకురసం మరిగే వాసన తీపితీపిగా వచ్చి ఇల్లంతా నిండిపోతాది. పైన ఫ్యాను తిరుగుతుంటాది, పక్కన దీని గొంతు. వింటా వింటా నాకు కళ్ళు మూతలు పడతాయి. అది నిద్రా కాదు, మెలకువా కాదు. ఎక్కడో మజ్జిలో ఉంటాను, బలే హాయిగా ఉంటాది.

ఒకనాడు నా డొక్కలు లెక్కెట్టింది. పై ఎముకలు రొమ్ముకి అతుక్కుని ఉంటాయంట. ఆకర్ని ఉన్నవి మాత్రం ముందర దేనికీ అతుక్కోవంట, ఆటిని తేలే ఎముకలంటారంట. ఆ మాట వింటా వింటా నేను శారదా ఏట్లోకి దిగిపోయేను. నీళ్ళు సల్లగా ఉన్నాయి. నా డొక్కలు నాలోంచి మెల్లగా జారి, తాటిదోనెల్లాగ వంతెన కిందనుంచి సముద్రం ఏపు పోతన్నాయి. నాకేటీ బయం ఎయ్యనేదు. ఒడ్డు మీద మా ఇంటాయన నిలబడి ఉన్నాడు, పంచె ఎగ్గట్టుకుని. పేరు నేను సెప్పకూడదు. "ఏటే, అయ్యి నీయేనా" అని అడిగేడు. నాయే, పోనియ్యి అన్నాను.

కళ్ళు తెరిసేసరికి ధనశ్రీ నవ్వుతంది. "ఎవలితో మాటాడుతున్నావు నానమ్మా" అంది. మీ తాతతో అన్నాను. అంతే, దాని మొకంలో నవ్వు ఆరిపోయింది.

ఎందుకో సెప్తాను. ఆయన పోయినప్పుడు ఇది తొమ్మిదో తరగతి. మాకు మనిషి పోతే ఇంట్లో అందరూ కాళ్ళు ముట్టుకుని దండం ఎట్టుకోవాల. ఇది సెరుకుతోటలోకి పరిగెట్టి, శవాన్ని ఎత్తేదాకా బయటికి రానేదు. ఆ గోలలో ఎతకడానికి ఎవలికి తీరిక. తాత కంచంలో తిని తాత పక్కన తొంగున్న పిల్ల, ఆకరి సూపు సూడనేదు. సిన్నపిల్ల లే అని ఊరుకున్నాం. నాకైతే కడుపులో అదలగే ఉండిపోయింది.

"నానమ్మా, నేను నీట్ రాయను" అంది ఆ మజ్జాన్నం, నా సెయ్యి మెల్లగా మంచం మీద ఎట్టేసి. "నాన్నకి చెప్పకు."

ఏటే నీకొచ్చిన మాయరోగం అన్నాను. తల ఎత్తకుండా సెప్పింది. డాక్టరు సదువులో మొదటి ఏడే శవాన్ని ముట్టుకోవాలంట, కోసి లోపల సూసి నేర్చుకోవాలంట. సీనియరు పిల్ల ఒకతి ఫోన్లో ఆ గది సూపించిందంట. బల్లల మీద గుడ్డలు కప్పి ఉన్నాయంట.

"ఒక గుడ్డ కిందనుంచి కాలు కనిపించింది నానమ్మా. తాత కాలు లాగే ఉంది. నావల్ల కాదు. ఎంసెట్ రాసి అగ్రికల్చర్‌లో చేరిపోతాను."

నాకు సిర్రెత్తుకొచ్చింది. ఇది ఇంత గుంటప్పుడు దూడ కాలు ఇరిగితే, కర్రపుల్లలెట్టి తన పరికిణీ చింపి కట్టు కట్టింది. పొయ్యికాడ కూలోళ్ళకి సెయ్యి కాలితే పరిగెట్టేది ఇదే. ఇంకో సదువు మీద మనసుపడి ఇది వద్దంటే నేనేటి అనను. యవసాయం సదువుకేటి, మారాజులాంటి సదువు. కానీ దీనికి మనసంతా ఇక్కడే ఉంది. బయమేసి పారిపోతంది, ఆనాడు సెరుకుతోటలోకి పారిపోయినట్టు. పిరికి గుంటా అని తిట్టేను. బోరుమంది. తిట్టిన నోటితోనే ఊరుకోమన్నాను, కొంగుతో కళ్ళు తుడిసేను. నానాజీకి సెప్పను గానీ, పరీచ్చ దాకా సదవడం మానకు అని ఒట్టు ఏయించుకున్నాను.

సదివింది, సదవకేం. కానీ దాని గొంతులో పస నేదు. తుమ్మొచ్చినా ఆగని పిల్ల, ఓ పేరు సెప్పి కిటికీలోంచి సూత్తా ఉండిపోయేది. నేను కళ్ళు మూసుకునే ఇనేదాన్ని. కునుకు మాత్రం రాటం మానేసింది.

నాకు ఊళ్ళో ఒక పనుంది. ఆడకూతురు పోతే సానం సేయించడానికి నన్నే పిలుత్తారు. మా అత్త నేర్పిన పని. వాకిట్లో బల్లేసి సుట్టూ సీరలు అడ్డం పట్టుకుంటారు, లోపల మేం ఇద్దరం ముగ్గురం ఉంటాం. పసుపు రాసి, నీళ్ళు పోసి, తల దువ్వి, కొత్త సీర కట్టి పంపుతాం. నాకెప్పుడూ బయం అన్నది నేదు. ఒకసారి సెయ్యేసేక మనిషి మనిషే కదా. ఈసారి ఎవలికైనా అలగైతే దీన్ని కూడా తీసుకెల్దాం, బయం అదే పోతాది అనుకున్నాను. ఎవలో పోవాలని కోరుకోనేదు, నూకాలమ్మ తల్లి సాచ్చి.

ఎదురింటి అప్పలకొండా నేనూ ఒకే ఏడు ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చేం. కలిసి సెరుకాకు దులిపేం, కలిసి పురుళ్ళు పోసుకున్నాం, నెలల తరబడి మాటాడుకోకుండా కూడా ఉన్నాం. ఇప్పుడు పొద్దోయేక అరుగు మీద కూకుని ఇద్దరం అడ్డపొగ తాగుతాం, సుట్ట నిప్పు నోట్లోపలకి ఎట్టుకుని. ధనశ్రీ అది సూసి నెత్తి కొట్టుకుంటాది. అంగిలి పుండవుతాది, కేన్సర్ వత్తాది అని క్లాసు పీకుతాది. అప్పలకొండ దాని ముందర నోరు ఇంత తెరిసి, "సూడు డాక్టరమ్మా, ఎక్కడుందో సెప్పు" అంటాది. ఇది నిజంగానే ఫోన్ లైటేసి తొంగి సూత్తాది. మేం పడీపడీ నవ్వుతాం.

ఉగాది ముందొచ్చే కొత్తమావాస్య ఎల్లిన వారానికి, తెల్లారగట్ల, అప్పలకొండ మొగుడు దేముడు మా గుమ్మంలోకి వచ్చేడు. కాళ్ళకి సెప్పులు కూడా నేవు.

"వదినా, అది లెగట్నేదు" అన్నాడు.

నేను ఎల్లి సూసేను. పక్కకి తిరిగి తొంగునట్టే ఉంది. నిద్దట్లోనే పోయింది.

ఎండ ఎక్కేసరికి సుట్టాలొచ్చేరు. బల్లేసేరు. నేను ఇంటికొచ్చి పెరట్లో ఉన్న ధనశ్రీని రమ్మన్నాను. రానంది. బిందె పట్టుకుని నిలబడు సాలు, సూడకపోతే సూడకు అన్నాను. ఏటనుకుందో ఏటో, నా ఎనకాల నడిసింది.

సుట్టూ సీరలు పట్టుకున్నారు, ఎర్రదీ పచ్చదీ పసుపుదీ. ఎండ ఆ సీరల్లోంచి దిగి లోపల రంగురంగులుగా ఉంది. అప్పలకొండ మొకం మీద ఓపాలి ఎరుపు, ఓపాలి పసుపు, గాలికి మారతంది. ఊపిరి తీత్తన్నట్టే ఉంది. బయట ఏడుపులు ఎక్కడో దూరం ఊళ్ళో ఏడుత్తన్నట్టు ఇనిపిత్తన్నాయి. అదంతా మజ్జాన్నం కునుకులో నాకొచ్చే కల లాగుంది. ఇంక కాసేపట్లో ఎవలో నన్ను లేపుతారు అనుకున్నాను.

సెంబుతో నీళ్ళు ముంచేను. సెయ్యి లెగనేదు.

ఎంతమందికి పోసిన సెయ్యి అది. సెంబు ఒరిగి నీళ్ళన్నీ నా కాళ్ళ మీదే ఒలికిపోయేయి. ఎవలో "పొయ్యి పిన్నీ, పొద్దెక్కిపోతంది" అన్నారు. పొయ్యలేకపోయేను. నిన్న సాయంత్రం నా పక్కన కూకుని నా మోకాలు గిల్లిన మనిషి. నీళ్ళు పోసేత్తే ఇంక పోయినట్టే కదా, అప్పటిదాకా పోనట్టే కదా. నాకు బయమేసింది. అవును, నాకే. ఆనాడు ధనశ్రీ సెరుకుతోటలో ఎందుకు కూకుండిపోయిందో నాకు అప్పుడు తెలిసింది. శవానికి కాదు అది బయపడింది.

ఎనకనుంచి ఓ సెయ్యి వచ్చి నా సెంబు తీసుకుంది.

"నానమ్మా, నువ్వు కూర్చో" అంది ధనశ్రీ. మొకం తెల్లగా పాలిపోయింది, పెదాలు బిగబట్టుకుంది. బల్ల పక్కన మోకాళ్ళ మీద కూకుంది. ముందర అప్పలకొండ మణికట్టు మీద ఏళ్ళేసి కాసేపు ఉంచింది. అక్కడేటీ ఉండదని దానికి తెల్దా, తెల్సు. అయినా ఉంచింది.

ఆ తర్వాత మెడ కింద సెయ్యి ఎట్టి తల ఎత్తి పట్టుకుంది, ఏలాడిపోకుండా, పసిపిల్లకి పట్టినట్టు. అలగ పట్టుకోమని నేను సెప్పనేదు.

"మామ్మా, నీళ్ళు పోత్తన్నాను" అంది, బతికున్న మనిషితో అన్నట్టే. "గోరెచ్చగానే ఉన్నాయి, బయపడకు."

పోసింది. నొసలు మీద, బుజాల మీద, సేతుల మీద. ఏళ్ళ సందుల్లో కడిగింది. దాని కళ్ళలోంచి నీళ్ళు కారతానే ఉన్నాయి, సెయ్యి మాత్రం ఆగనేదు. పసుపు రాసింది. తల దువ్వి పాపిడి తీసింది, బొట్టు ఎట్టింది. సీర కట్టడం రాదు దానికి, అది మాత్రం నేను లేసి కట్టేను.

అంతా అయ్యేక మా పెరట్లో ఇద్దరం సానాలు సేసేం. తడి జుత్తుతో వచ్చి నా ఒళ్ళో తల ఎట్టింది. "నానమ్మా, తాతకి ఎవరు పోశారు నీళ్ళు" అని అడిగింది. మీ నాన్న అన్నాను. "నేను కూడా ఉండాల్సింది" అంది. అప్పుడు ఏడిసింది సూడండి, ఎదురింటోళ్ళు కూడా వచ్చి, అప్పలకొండంటే ఈ పిల్లకి ఎంత పేణమో అన్నారు. అది ఎవలికోసం ఏడుత్తందో నేను సెప్పనేదు. ఏడవనిచ్చేను. ఎన్నాళ్ళనుంచో ఆగిపోయిన ఏడుపు, ఆపితే పాపం.

నీట్ పరీచ్చ వైజాగ్‌లో ఏసేరంట. నాన్నొద్దు, నన్నే తోడు రమ్మంది. గేటు బయట కూకోవాలంట, పొద్దల్లా, ఎండలో. కూకుంటాను.