గోడ దాటని బంతి

ఎలియుతేరియో బుయెల్నా కొట్టిన బంతి గోడ దాటడం సాంతా బ్రిహిదా రేవులో ఎవరూ చూడలేదు. పెళ్ళికి ముందు నుంచీ అతని ఆటలన్నీ చూస్తున్న భార్య నెరెయ్దా కూడా చూడలేదు. బేస్‌బాల్ జట్టులో అందరూ అతన్ని గర్బాన్సో అని పిలిచేవాళ్ళు, అంటే శనగగింజ. మనిషి అంత పొట్టి. కానీ పిచర్ ఎంత వేగంగా విసిరినా, ఎంత వంకర తిప్పినా అతని బ్యాట్ బంతిని వెతుక్కుంటూ వెళ్ళి తాకేది. తాకిన బంతి ఎవరి చేతికీ అందకుండా ఇద్దరు ఫీల్డర్ల మధ్య పడి, నాలుగు గెంతులు వేసి ఆగిపోయేది. అది ఎవరో ఏరుకునేలోపు శనగగింజ మొదటి బేస్ మీద నిలబడి ప్యాంటు దుమ్ము దులుపుకుంటూ ఉండేవాడు.

కుర్రతనంలో ఒక అమెరికా జట్టు అతన్ని అరిజోనా తీసుకెళ్ళి కింది స్థాయి ఆటల్లో పెట్టింది. కొన్నాళ్ళు చూసి పంపేసింది. "నీ బ్యాట్‌కు అన్నీ తగులుతున్నాయి, కానీ ఏదీ ఎక్కడికీ పోవడం లేదు" అన్నారట. ఆ చలికాలమంతా అతను పంతం పట్టి బరువులెత్తాడు. గుడ్లతో కలిపి వేయించిన ఎండుమాంసం, మచాకా, పళ్ళాలకు పళ్ళాలు లాగించాడు. బంతిని ఆకాశంలోకి లేపడానికి బ్యాట్‌ను కింది నుంచి పైకి ఊపడం నేర్చుకున్నాడు. కండ పెరిగింది. బంతి మాత్రం తగలడం మానేసింది. గాలిని కొట్టీ కొట్టీ ఒకరోజు మైదానంలోనే కూలబడిపోతే నెరెయ్దా వచ్చి పక్కన కూర్చుంది.

"ఎవరితో పోట్లాడుతున్నావయ్యా నువ్వు?"

"ఆ గోడతో."

"గోడ ఎక్కడికీ పోదులే. బంతి పోతోంది చూడు, నీ పక్కనుంచే. ముందు దాని సంగతి చూసుకో."

అతను తన పాత ఊపుకు తిరిగొచ్చాడు. సొంత ఊరి జట్టు పెలికానోస్‌లో చోటు దొరికింది. అయితే ఆ చోటు ఎక్కువగా బెంచీ మీదే. ఎందుకంటే జట్టు మేనేజర్ డాన్ బాల్తాసార్ ఒకప్పుడు బంతిని గోడ దాటించే హోమ్ రన్‌లు కొట్టి కొట్టి ఈ తీరమంతా పేరు మోగించినవాడు. బానపొట్ట, ఇనుప కడ్డీల్లాంటి ముంజేతులు. ఆయన లెక్క ఒకటే: ఒక్క దెబ్బకు తీరిపోయే పనికి నాలుగు దెబ్బలు ఎందుకు?

"ఒరేయ్ శనగగింజా," అనేవాడు ప్రాక్టీసులో, "నువ్వు కొట్టేది బంతా, దోమా?"

"దోమే మాస్టారూ. కుట్టింది కదా, బేస్ మీదున్నాను చూడండి."

"బేస్ మీదుంటే ఏం లాభంరా? మూడు బేస్‌లూ చుట్టి బయల్దేరిన చోటికి, ఇంటికి, చేరితేనే పరుగు. నిన్ను ఇంటికి తీసుకురావడానికి ఇంకో ముగ్గురు కావాలి. నా వెంచోను చూడు, తనను తానే తెచ్చుకుంటాడు."

వెంచో అంటే వెన్సెస్లావో అపోదాకా, జట్టులోకెల్లా బలశాలి. శనగగింజను చంకలో పెట్టుకుని పరిగెత్తగలడు. ఇద్దరికీ మంచి స్నేహం. మేనేజర్ మాటల్లో నిజం లేకపోలేదని శనగగింజకూ తెలుసు. అతను వరసగా మూడు హిట్లు కొట్టినా స్కోరు కదలని రోజులున్నాయి. వెంచో రోజంతా గాలిని కొట్టి, చివర్లో ఒక్కటి తగిలించి ఆట గెలిపించిన రోజులూ ఉన్నాయి. ఆ రాత్రుళ్ళు శనగగింజకు అన్నం సహించేది కాదు.

ఆ ఏడు ఫైనల్ పోటీ ఆఖరి ఆట దాకా వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం. ఎదుటి జట్టు కొండవైపు నుంచి వచ్చిన అలక్రానెస్, తేళ్ళ జట్టు. పొద్దున్నే కబురొచ్చింది: పెలికానోస్‌లో రెండో బేస్ దగ్గర ఆడే రమీరో రాత్రి పచ్చి ఆల్చిప్పలు తిని బాత్‌రూమ్ వదలడం లేదట. డాన్ బాల్తాసార్ బెంచీ వైపు చూశాడు. బెంచీ మీద శనగగింజ అప్పటికే బూట్ల లేసులు బిగిస్తున్నాడు.

"చెడగొట్టకు," అన్నాడు మేనేజర్. అంతే.

అతను మొదటిసారి బ్యాటింగ్‌కు రాగానే గోడ వైపు కాపు కాసే తేళ్ళ ఔట్‌ఫీల్డర్లు ముగ్గురూ అతని వైపు ముందుకు జరిగిపోయారు. ఎడమవైపు ఉండే క్రిస్పీన్ లూగో అయితే మాటలు వినపడేంత దగ్గరికొచ్చాడు.

"ఏరా పొట్టీ, మధ్యాహ్నం ఏం తిన్నావో ఇక్కడికే వాసనొస్తోంది! ఉల్లిపాయ తగ్గించు!"

స్టేడియం గొల్లుమంది. శనగగింజ కొట్టిన బంతి నేల మీద దొర్లుతూ నేరుగా ఫీల్డర్ చేతిలోకి పోయింది. తనూ అవుట్, బేస్ మీద ఉన్న తోటివాడూ అవుట్. డాన్ బాల్తాసార్ తన టోపీ తీసి నేలకేసి కొట్టాడు. తర్వాతిసారి శనగగింజ బ్యాట్‌ను అడ్డంగా పెట్టి బంతిని మెల్లగా గడ్డిలోకి దింపి, వాళ్ళు వంగి తీసేలోపు బేస్ చేరాడు. ఆ తర్వాత ఒక బంతిని మూడో బేస్ మనిషి నెత్తిమీదుగా వేశాడు. రెండుసార్లూ అతన్ని ఇంటికి తెచ్చే దెబ్బ ఎవరూ కొట్టలేదు. వెంచో రోజంతా ఒక్కటీ తగిలించలేదు.

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ వచ్చింది. పెలికానోస్ ఒక పరుగు వెనకబడి ఉంది. ఇద్దరు అవుటయ్యారు, మూడోవాడూ అవుటైతే ఆట అయిపోతుంది. మూడో బేస్ మీద ఒకడు, రెండో బేస్ మీద ఒకడు ఉన్నారు. మొదటివాడు ఇంటికొస్తే సమానం, రెండోవాడూ వస్తే కప్పు. బ్యాటింగ్‌కు రావాల్సింది శనగగింజ. అతని తర్వాత వెంచో.

మొదటి బేస్ ఖాళీగా ఉంది కాబట్టి తేళ్ళవాళ్ళు శనగగింజకు ఊరికే బేస్ ఇచ్చేసి పక్కకు తప్పించవచ్చు. వాళ్ళ మేనేజర్ వెంచో వైపు చూశాడు, శనగగింజ వైపు చూశాడు, నవ్వాడు. వీడితోనే ఆడండి అని సైగ చేశాడు. పైగా పిచర్‌ను మార్చాడు. ఎవుతిమియో సాసువేతా వచ్చాడు. అతని చేతిలోంచి బంతి బయల్దేరడం కనిపిస్తుంది, రావడం మాత్రం వినిపిస్తుందంతే.

డాన్ బాల్తాసార్ బెంచీ ఉన్న గుంతలోంచి మెట్లెక్కి బయటికొచ్చాడు. చేయి ఊపి బెంచీ మీది ఇంకో బలశాలిని పిలవబోయాడు. శనగగింజ దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"మాస్టారూ, నేనే ఆడతాను."

"తప్పుకోరా. ఇప్పుడు నాకు దెబ్బ కావాలి."

"ఆ సాసువేతా బంతిని దెబ్బ కొట్టేవాడు మన దగ్గర లేడు. తాకించేవాణ్ణి నేనున్నాను."

"తాకిస్తావ్. సరే. తర్వాత?"

"తర్వాత పరిగెత్తాల్సింది వాళ్ళు."

జనం చూస్తున్నారు. అంపైర్ గడియారం చూపిస్తున్నాడు. వెనక నిలబడిన వెంచో గొంతు సవరించుకున్నాడు. "మాస్టారూ, వాణ్ణి వదలండి. నాకైతే ఇవాళ బంతే కనపడటం లేదు, వాడికి కనపడుతోంది."

డాన్ బాల్తాసార్ ముఖం ఎర్రబడింది. వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయాడు.

మొదటి బంతి శనగగింజ చూడనేలేదు. స్ట్రయిక్. రెండోది తాకించాడు, అది గీత బయట స్టాండ్స్‌లోకి పోయింది. అదీ స్ట్రయిక్ కిందే లెక్క. మూడో స్ట్రయిక్ పడితే అవుట్, ఆట ముగిసినట్టే. కానీ రెండు పడ్డాక, బంతి తగిలి గీత బయటికి పోతూ ఉన్నంతకాలం బ్యాటర్ బతికే ఉంటాడు.

సాసువేతా విసిరాడు. టక్. గీత బయటికి. మళ్ళీ విసిరాడు. టక్. ఒకటి నేల వైపు జారిపోతుంటే వంగి తాకించాడు. ఒకటి గడ్డం కిందికి దూసుకొస్తే వెనక్కి వాలి తాకించాడు. దూరంగా పోయినవి వదిలేశాడు, అవి స్ట్రయిక్ కావు. మధ్యలో ఒక బంతి స్టాండ్స్‌లో వాయిద్యాలవాళ్ళ మీదికెళ్ళి ట్యూబా అనే పెద్ద బాకా నోట్లో పడింది. ట్యూబావాడు ఊదితే చప్పుడు రాలేదు, జనం పడీ పడీ నవ్వారు. ప్రతి టక్‌కూ డోలువాడు ఒక దెబ్బ వేయడం మొదలెట్టాడు. స్టేడియమంతా లేచి నిలబడింది. నెరెయ్దా ముందు కుర్చీవాడి భుజాలు పట్టుకుని ఊపేస్తోంది, వాడెవడో ఆమెకు తెలియదు.

వెనక కూర్చున్న క్యాచర్ మూలిగాడు. "ఇంకా ఎంతసేపురా బాబూ? నా మోకాళ్ళు పోతున్నాయి. కొడితే కొట్టు, లేకపోతే చావు."

"మీవాణ్ణి మంచి బంతి వేయమను అన్నా, కొడతాను."

"మంచివే వేస్తున్నాడు కదరా, దరిద్రుడా!"

సాసువేతా చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. బంతి ఇంకా వేగంగానే వస్తోంది, కానీ మొదట్లోలా మాయమవడం లేదు. శనగగింజకు ఇప్పుడు దాని మీది ఎర్ర కుట్లు కనిపిస్తున్నాయి. అతను పక్కకు జరిగి బూటు అడుగున మట్టి దులుపుకుంటూ మైదానం వైపు చూశాడు.

క్రిస్పీన్ లూగో ఇంకా ముందుకొచ్చేశాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టి, గడ్డి అంచున, దాదాపు లోపలి ఫీల్డర్ల పక్కనే నిలబడ్డాడు. మిగిలిన ఇద్దరూ అంతే. శనగగింజ బంతి ఎప్పుడూ ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడ. చిన్న హిట్ కొట్టినా రెండో పరుగు రాకుండా ఇంటి దగ్గరే పట్టేద్దామని. వాళ్ళ వెనక పచ్చగడ్డి గోడ దాకా ఖాళీగా పడి ఉంది. అంత ఖాళీ మైదానం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

గట్టిగా ఊపాలని చేతులు లాగాయి. అరిజోనా నుంచి వచ్చాక గాలిని కొట్టిన రోజులన్నీ కళ్ళముందు మెదిలాయి. వద్దు అనుకున్నాడు. గట్టిగా వద్దు. ఎప్పటిలాగే, కాకపోతే ఒక రవ్వ ముందుగా.

సాసువేతా విసిరాడు.

టక్. డోలువాడు దెబ్బ వేయడం మరిచిపోయాడు.

బంతి లేచింది. ఎత్తుగా ఏమీ కాదు. వెంచో కొడితే దాన్ని చూసి సిగ్గుపడేవాడు. క్రిస్పీన్ ముందు ఒక అడుగు ముందుకే వేశాడు, అలవాటు కొద్దీ. తర్వాత తల పైకెత్తాడు. "అమ్మో!" అని అరిచి వెనక్కి తిరిగి పరుగెత్తాడు. బంతి అతని టోపీ మీదుగా దాటి, వెనక గడ్డిలో మెత్తగా పడి, ఎవరూ ఆపేవాళ్ళు లేక గోడ వైపు దొర్లుకుంటూ పోయింది. ఒకడు ఇంటికొచ్చాడు. స్కోరు సమానం. రెండోవాడు మూడో బేస్ మలుపు తిరిగాడు. క్రిస్పీన్ ఇంకా బంతి వెంట పడుతూనే ఉన్నాడు. రెండోవాడు చేతులు చాచి, నవ్వుతూ, నడిచి ఇంటికొచ్చాడు.

శనగగింజకు ఆ సంగతి తెలియదు. అతను తల వంచుకుని ఇంకా పరిగెడుతూనే ఉన్నాడు. రెండో బేస్ దగ్గర వెంచో ఎదురొచ్చి అతన్ని గాల్లోకి ఎత్తేశాడు. తర్వాత జట్టంతా మీద పడింది. ఆ కుప్పలోంచి డాన్ బాల్తాసార్ అతని మెడ పట్టి బయటికి లాగి, రెండు చెంపలూ పిండేస్తూ అరిచాడు:

"గోడకు సగం దూరం కూడా ఎగరలేదురా అది! సగం కూడా!"

"అవసరం లేకపోయింది మాస్టారూ!"

"వచ్చే ఏడాది వాళ్ళు వెనక్కి జరిగి నిలబడతారు, అప్పుడేం చేస్తావ్?"

"అప్పుడు ముందు ఖాళీ ఉంటుంది కదా!"

డాన్ బాల్తాసార్ ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత పొట్ట అదిరేలా నవ్వి, కొత్త ఏడాదిలో మొదటి బ్యాటర్ నువ్వేనని అందరూ వినేలా చెప్పాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆ తర్వాత అయిదేళ్ళు పెలికానోస్ ఆటలు శనగగింజతోనే మొదలయ్యాయి. అమెరికా నుంచి మాత్రం మళ్ళీ ఎవరూ పిలవలేదు. అతను ఎదురుచూడనూ లేదు.

ఆ సాయంత్రం జట్టును చేపల లారీ ఎక్కించి ఊరంతా తిప్పారు. రేవు వీధిలో రొయ్యలమ్మే ముసలావిడ ఒకామె లారీకి అడ్డంపడి, బకెట్ నిండా రొయ్యలు పైకెత్తి వెంచో చేతిలో పెట్టింది.

"తిను నాయనా, ఎంత గొప్ప దెబ్బ కొట్టావు! రేడియోలో విన్నాను!"

"నేను కాదు తల్లీ, ఇదిగో వీడు," అంటూ వెంచో తన నడుము ఎత్తున ఉన్న మనిషిని ముందుకు తోశాడు.

ముసలావిడ శనగగింజను కింది నుంచి పై దాకా చూసింది. చూడాల్సింది పెద్దగా లేదు కనుక త్వరగానే అయిపోయింది. పక్కనే ఉన్న నెరెయ్దా వైపు తిరిగింది.

"ఏమ్మా, ఇంట్లో తిండి పెట్టడం లేదా?"

నెరెయ్దా నవ్వి నవ్వి లారీ కమ్మీ పట్టుకుంది. శనగగింజ అప్పటికే ఒక రొయ్య ఒలిచి, ఎవరో అందించిన నిమ్మకాయ పిండుకుంటున్నాడు.