పన్నెండుకు ముగ్గురు తక్కువ

మిర్యాలగూడ దారిలోని మిల్లువాడలో బియ్యం మిల్లు మూతపడి ఏడాది దాటింది. రజాకార్ల గొడవల్లో సేటు బెజవాడ వెళ్లిపోయాడు, ఇంజను అమ్ముడుపోయింది. మిగిలిన రేకుల షెడ్డుకు సున్నం కొట్టి, నలభైతొమ్మిదిలో సర్కారు ఆడపిల్లల హాస్టలు తెరిచింది. ఎంత కడిగినా తవుడు వాసన మాత్రం పోలేదు.

నెలలోగా పన్నెండుమంది చేరకపోతే హాస్టలును కోదాడకు మారుస్తామన్నారు. తొమ్మిదిమందే చేరారు. వాళ్లలో సరోజ ఒకతి. వయసు పద్దెనిమిది. ఒకప్పుడు మూడేళ్లు ఇదే షెడ్డులో తవుడు జల్లించింది. ఇప్పుడు ఇక్కడే ఉండి నాలుగో తరగతి చదువుతోంది. హాస్టలు కోదాడ వెళ్తే నాన్న యేసయ్య ఆమెను అంత దూరం పంపడు. కలుపుకు పంపుతాడు.

హాస్టళ్ల తనిఖీ అధికారి అరుంధతమ్మ మర్నాడే వస్తుందని తెలియగానే, సరోజ తనతో మిల్లులో పనిచేసిన ముగ్గురిని పట్టుకుంది: నర్సమ్మ, కస్తూరి, తండా సుక్కి.

"ఒక్క పూట కూసోని పోండ్రి. పప్పన్నం పెడతరు."

"నాకు పెండ్లికెదిగిన బిడ్డ ఉన్నదే!" అంది సుక్కి.

"ఉంటే ఏంది? నువ్వు జెప్పకు, గంతే."

"మరి గీ గాజులో?" సుక్కి మోచేతులు దాటిన తెల్లగాజులు చూపించింది. తండాలో పెళ్లయిన ఆడవాళ్లే అవి వేసుకుంటారు.

"దుప్పటి సుట్టుకో. సలి జరమని జెప్పు."

పొద్దున కొత్త ముఖాలు చూసి వార్డెన్ సుందరమ్మ, "నా కండ్లద్దాలు యాడ పెట్టిన్నో" అని గొణుగుతూ పక్కకు తిరిగింది. అద్దాలు ఆమె ముక్కు మీదే ఉన్నాయి.

అరుంధతమ్మ వచ్చి వరసగా అందరినీ చూసింది. సుక్కి దగ్గర ఆగింది.

"నీ వయసెంత?"

"పదారు."

"ఆ దుప్పటేమిటి?"

"సలి జరం."

"ఎన్నాళ్ల నుంచి?"

"పుట్టినకాన్నుంచి."

సరోజ దుప్పటి అంచు లాగి సుక్కి మణికట్టు కప్పింది. అరుంధతమ్మ మాత్రం కాగితం మీద పన్నెండని వేసి, భోజనాలు చూసి వెళ్తానంది.

అక్కడే వచ్చింది తంటా. కాపలా దుర్గయ్య ఇరవయ్యేళ్లు మిల్లు గేటు కాచినవాడు. భోజనాలకని, వేలాడే రైలుపట్టా ముక్కను పాత అలవాటుకొద్దీ మూడుసార్లు కొట్టాడు. ఆ మూడు దెబ్బలు పడితే మిల్లులో ఆ రోజు పని ముగిసినట్టు. కూలీలు గింజ దాచలేదని చూపించి బయటికి నడవాలి.

నర్సమ్మ లేచింది. వెనకే కస్తూరి. గుమ్మం దగ్గర వరస కట్టి కొంగులు దులిపారు, కొప్పులు విప్పి విదిలించారు, నోళ్లు తెరిచారు. సుక్కి దుప్పటి తీసి ఝాడించేసరికి గాజులు గలగలమన్నాయి. దుర్గయ్య గుమ్మానికి చెయ్యి అడ్డంపెట్టి, ఒక్కొక్కరి నోట్లోకి తొంగిచూస్తూ "ఆఁ, పో. ఆఁ, పో" అంటున్నాడు. నాలుగోదానిగా తానూ నోరు తెరుచుకుని నిలబడిందని, అరుంధతమ్మ తనవైపు చూశాక గానీ సరోజకు తెలియలేదు.

"ఏం చేస్తున్నారు మీరు?"

"బియ్యం లేవమ్మా, సూసుకో" అంది నర్సమ్మ, నోరు మూయకుండానే.

ఇక దాచడానికేం మిగల్లేదు. "నేనే తోలుకొచ్చిన మేడం. మిల్లుల నాతోని చేసిండ్రు. నా పేరు కొట్టేయుండ్రి, హాస్టలు మాత్రం తియ్యకుండ్రి" అంది సరోజ.

అరుంధతమ్మ కాగితం చూసింది. ఆమె పెదవులు అదురుతున్నాయి. కోపమో నవ్వో తెలియలేదు.

"ఇందులో వయసు రాసే గడి లేదు. పన్నెండని సిరాతో వేసేశాను, కొట్టివేతలు నాకు గిట్టవు. అయితే ఈ ముగ్గురూ ఇక్కడే ఉండాలి. నెలకు మళ్లీ వస్తాను. పలక మీద పేర్లు రాసి చూపించాలి. లేకపోతే కోదాడే."

"నెలనా!" సుక్కి సరోజ మీద పడింది. "ఒక్క పూటంటివి గదనే, దొంగదానా!"

సాయంత్రం సుక్కి మొగుడు మంగ్త్యా గేటు దగ్గరికి వచ్చాడు.

"ఇంటికి రావా? పొయ్యెవరు ముట్టిస్తరు?"

"నువ్వే ముట్టియ్యి. నాకు పరీచ్చ ఉన్నది" అని సుక్కి పలక మీదికి వంగింది. 'సు' కొమ్ము అటు తిరగబోయి ఇటు తిరిగింది.

సరోజ తుడిపేసి మళ్లీ రాయమంది. ఇంకా ఇరవైతొమ్మిది రోజులు. నర్సమ్మ అప్పుడే కునుకు తీస్తోంది. సరోజ ఆమెను మోచేత్తో పొడిచి, బలపం విరిచి సగం కస్తూరికిచ్చింది.