ఫ్రిజ్ మాట్లాడే ఇల్లు

కొత్త వస్తువు ఇంట్లోకి వచ్చినప్పుడల్లా, దానివల్ల మనిషికి బోలెడంత తీరిక మిగులుతుందని చెబుతారు. నమ్మి కొంటాం. పని నిజంగానే తగ్గుతుంది. మరి మిగిలిన ఆ తీరికంతా ఎక్కడికి పోతోంది? ఎవరి కోసం ఖర్చవుతోంది? ఈ కథ చెప్పేవారిని ఏళ్ల తరబడి పీడిస్తున్న సందేహం ఇది. పెద్దలనడిగితే తేలలేదు. దేవుడి ముందు కూర్చుని అడిగినా తేలలేదు. చివరికి సోఫాలు కుట్టేవాళ్ల ఇంట్లో కొంత తేలింది.

అది రెండంతస్తుల ఇల్లు. కింద వీధి వైపు గదిలో చిన్నకొడుకు షాపు. ఫోన్లూ, ఇంటి పనులు చేసిపెట్టే రకరకాల యంత్రాలూ అమ్ముతాడు. దాన్నానుకుని ఉన్న గదిలో పెద్దకొడుకూ అతని భార్యా పాత సోఫాలకూ కుర్చీలకూ కొత్త గుడ్డలు కుట్టి బిగిస్తారు. పైన కాపురాలు. ఇంటికి పెద్దదిక్కు వాళ్ల అమ్మ. పెద్దాయన పోయాక ఆవిడకు రోజులో సగం ప్రార్థనే.

చిన్నకొడుకు అమ్మే వస్తువుల్లో ప్రతిదీ ముందు ఇంట్లోకి వచ్చి తీరాలి. అందుకని ఆ ఇంట్లో తలుపు సరిగా వెయ్యకపోతే ఫ్రిజ్ మాట్లాడుతుంది. బట్టలుతికే మిషను పనవ్వగానే పాట పాడుతుంది. నేల ఊడ్చే గుండ్రటి యంత్రమొకటి ఉంది. అది మంచం కింద ఇరుక్కుపోతే, తనకు సాయం కావాలని ఆడగొంతుతో మర్యాదగా అడుగుతుంది. అడగడమే ఆలస్యం, చేతిలో పని వదిలేసి ఇంటిల్లిపాదీ పరుగెడతారు. ఒకరు మంచం ఎత్తుతారు, ఒకరు దాన్ని బయటికి లాగుతారు, ఒకరు తుడుస్తారు.

అదే ఇంట్లో పెద్దకోడలు "ఏమంటున్నారు?" అని అడిగితే మాత్రం కదిలేవాళ్లు లేరు.

ఆమెకు చెవుడు పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్లయ్యాక ఏదో పాడు జ్వరం వచ్చి తగ్గుతూ తగ్గుతూ వినికిడిని పట్టుకుపోయింది. చెవికి మిషను పెట్టినా లాభం లేదన్నారు డాక్టర్లు. మాట మాత్రం చక్కగా వస్తుంది. ఎదురుగా ఒక్కరే ఉండి నిదానంగా మాట్లాడితే పెదవులు చూసి కొంత పోల్చుకుంటుంది. నలుగురు చేరితే ఆమె పని గోవిందా. ఈ ముఖం నుంచి ఆ ముఖానికి చూపు తిప్పుకునేలోపు మాట దాటిపోతుంది. అప్పుడు ఎవరి చెయ్యో ఒకటి గాలిలో ఊగుతుంది. ఏం లేదులే, తర్వాత చెప్తాలే అని దానర్థం. ఆ 'తర్వాత' అనేది ఆ ఇంటి క్యాలెండర్లో ఏ నెలలోనూ వచ్చేది కాదు.

కానీ పాపం, వాళ్లు చెడ్డవాళ్లని వీధిలో ఎవరూ అనరు. ఆమెకు వేళకు అన్నం పెట్టారు, ఒంట్లో బాగులేకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు, పల్లెత్తు మాట అనలేదు. అసలు మాటే అనలేదు. దానికే మంచితనమని పేరు పెట్టుకుని, అద్దంలో తమ ముఖాలు చూసుకుని మురిసిపోతూ బతికారు.

ఒకరోజు భర్త బజారుకెళ్లిన వేళ కుట్టుగదికి ఒక రిటైరైన పంతులమ్మ వచ్చింది. తను చదువుకునే కుర్చీకి గుడ్డ మార్చాలి. వచ్చీ రాగానే తన ఫోను తీసి బల్ల మీద ఇద్దరికీ మధ్యన పెట్టింది. మాట్లాడటం మొదలుపెట్టగానే, ఆమె నోట్లోంచి వచ్చిన ప్రతి ముక్కా తెర మీద తెలుగు అక్షరాలై వరుసగా పడసాగింది. పెద్దకోడలి చేతిలో టేపు అలాగే ఉండిపోయింది.

తన చెవులు కూడా మొరాయించి మూడేళ్లయిందనీ, ఇది లేకపోతే బజారుకి కూడా వెళ్లలేననీ పంతులమ్మ చెప్పింది. దీనికి పైసా ఖర్చు లేదట, ఈ మధ్య ఫోన్లన్నిట్లోనూ ఉంటుందట. ఎవరు నేర్పారని పెద్దకోడలు అడిగింది. జవాబు తెర మీద పడింది.

"మీ పక్క షాపు అబ్బాయేనమ్మా. అరగంట కూర్చోబెట్టి విసుక్కోకుండా చూపించాడు. బంగారంలాంటి మనిషి."

పెద్దకోడలు ఆ మూడు ముక్కలూ రెండుసార్లు చదువుకుంది. ఆమె చేతిలో ఉన్న ఫోను కూడా ఆ బంగారం వాడి పారేసిందే. కొత్తది కొనుక్కుని పాతది వదినకిచ్చాడు. పంతులమ్మ అందులో నాలుగుచోట్ల నొక్కి చూసింది. ఆ సదుపాయం అందులో మొదటి నుంచీ ఉంది.

పంతులమ్మ వెళ్లాక పెద్దకోడలు తలుపు వేసుకుని, ఫోను పక్కన పెట్టుకుని కుట్టుమిషను తొక్కింది. ఫోను ఆ చప్పుడు విని కాసేపు ఆలోచించి, చప్పట్లు అని రాసింది. ఆ గదిలో అంతకుముందు ఆమెకెవరూ చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు. నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

కోపం లేకపోలేదు. అయినా మంచి మనసుతోనే చూద్దామనుకుంది. మరిది మర్చిపోయి ఉంటాడు, తనే అందరికీ చూపిస్తే సంతోషిస్తారని సర్దిచెప్పుకుంది. ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు ఫోనును నీళ్లజగ్గుకు ఆనించి నిలబెట్టి, ఆన్ చేసింది. అందరూ తలలెత్తితే చెప్దామని ఆగింది. ఎవరూ తలెత్తలేదు. ఈలోగా తెర మీద అక్షరాలు పడటం మొదలైంది. ఎవరి పెదవులు కదులుతున్నాయో చూసి, ఏ మాట ఎవరిదో ఆమె పోల్చుకుంటూ పోయింది.

కుట్టుగది నెలాఖరుకల్లా తనకు కావాలంటున్నాడు మరిది. అక్కడ మాట్లాడే ఫ్రిజ్జులూ, ఊడ్చే యంత్రాలూ నడిపి చూపిస్తేనే జనం కొంటారట. అన్నయ్య తన షాపులోనే కూర్చోవచ్చట. మరి అక్క మిషను ఏం చేద్దామని తోడికోడలు అడిగింది. అమ్మేద్దామన్నాడు మరిది.

"తనకి చెప్పొద్దా?" అన్నాడు భర్త.

"సామాను దించే రోజు చెబుదాంలే అన్నయ్యా. ఇప్పుడు చెప్పాలంటే కాగితం మీద రాయాలి, చేతులు తిప్పాలి. ఎవరికుంది అంత తీరిక?"

"సరే, నీ ఇష్టం," అన్నాడు భర్త.

అత్తగారు తలాడించింది. తలాడించడం ఫోను రాయలేదు గానీ పెద్దకోడలు చూసింది.

ఆ గదే ఆమె బతుకు. అక్కడ గుడ్డ ఆమె చెప్పినట్టు వింటుంది. అక్కడికి వచ్చినవాళ్లు ఆమె ముఖంలోకి చూసి మాట్లాడతారు. అది పోతే ఆ ఇంట్లో ఆమె కూడా ఒక మూల సామానే, అదీ మాట్లాడని సామాను.

"బాబూ, గది నేను ఖాళీ చెయ్యను," అంది ఆమె. "మిషను అమ్మను."

ముద్దలు చేతుల్లో ఆగిపోయాయి. ఆమె ఫోను వాళ్లవైపు తిప్పింది. మరిది వంగి చూశాడు. సిగ్గుపడతాడని మీరనుకుంటే పొరపాటు. ముందు అతనిలో వ్యాపారి మేలుకున్నాడు.

"పర్లేదే, నలుగురం కలిసి మాట్లాడినా బాగానే పట్టేసింది."

పంతులమ్మకి అరగంట కూర్చుని నేర్పావట, నాకెందుకు చూపించలేదని ఆమె ఫోను మళ్లీ తనవైపు తిప్పుకుంటూ అడిగింది. అతను కాస్త తడుముకున్నాడు.

"నువ్వు అడగలేదు కదా వదినా. అయినా ఇంట్లో నీకు దీంతో ఏం పని? అన్నీ మేమే చూసుకుంటున్నాం కదా."

"బయటివాళ్లకి నేర్పితే ఫోను అమ్ముడుపోతుంది. నాకు నేర్పితే నేను ఎదురుచెబుతాను. అంతేగా బాబూ."

భర్త గొంతు సవరించుకుని, నువ్వు బాధపడతావనే చెప్పలేదన్నాడు. ఆమె తెర మీద చదివి అతనివైపు తిరిగింది.

"బాధపడాల్సింది నేనైతే దాన్ని మీరు దాచిపెట్టుకోవడం దేనికి? మీ తమ్ముడు సరే. మీరు, సరే నీ ఇష్టం అన్నారు. అది చదివాను."

తీరికలేని ఆ మనుషులందరికీ అప్పుడు ఎక్కడలేని తీరిక దొరికింది, కంచాల్లోకి చూస్తూ కూర్చోవడానికి.

అత్తగారు చెయ్యి కడుక్కుని వచ్చి కోడలి పక్కన కూర్చుంది. ఇలాంటి యంత్రాలంటే ఆవిడకు భయమని అందరూ అనుకునేవారు. ఆవిడ ఫోనును దగ్గరికి లాక్కుని, ఇందులో మాట్లాడితే కోడలికి కనిపిస్తుందా అని చిన్నకొడుకుని అడిగింది. కనిపిస్తుందన్నాడు వాడు.

"అయితే చెబుతున్నాను, మీరూ వినండి. ఆ గది నాది. నేనున్నంతకాలం అందులో నా పెద్దకోడలి మిషనే నడుస్తుంది. ఇందాక నేనూ తలూపాను, నాకూ బుద్ధి లేదు. పొద్దున్నే లేచి, బదులు పలకని దేవుడితో గంటసేపు మాట్లాడతాను. పలికే మనిషి ఎదురుగా ఉంటే చెయ్యి ఊపి ఊరుకున్నాను. నా ప్రార్థన ఆయన ఏం విన్నాడో ఏమో. చూడరా చిన్నోడా, నువ్వు తెచ్చే వస్తువులు మంచివే, వాటి తప్పేం లేదు. యంత్రం మాటను అక్షరం చేస్తుంది. ఆ మాట ఎదుటి మనిషికి చెప్పాలన్న బుద్ధి ఏ షాపులోనూ దొరకదు."

చిన్నకొడుకు మళ్లీ ముద్ద కలుపుకోవడంలో పడ్డాడు. అమ్మటానికి ఆ మాటలో ఏమీ లేదు మరి.

ఆవిడ కోడలివైపు తిరిగి, ఫోనుకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"అమ్మాయ్, నీకో మాట బాకీ ఉన్నాను. నీకు జ్వరం తగ్గిన కొత్తలో, మీ మామగారు ఇక్కడే కూర్చుని ఏదో అంటే మేమంతా పడీ పడీ నవ్వాం. ఏంటత్తయ్యా అని నువ్వు నా చెయ్యి పట్టుకుని అడిగావు. తర్వాత చెప్తానన్నాను. గుర్తుందా?"

గుర్తుందని తలూపింది పెద్దకోడలు.

"ఆ లావుపాటి కాంట్రాక్టరు లేడూ, అతను మనం కొత్త గుడ్డ వేసిచ్చిన తన సోఫా మీద దబ్బున కూలబడి, ఇది ఎన్నాళ్లు మన్నుతుందండీ అని అడిగాడట. మీరు లేస్తే మీ మనవల కాలం దాకా ఉంటుందండీ అన్నారట మీ మామగారు. అది నువ్వు కుట్టిన సోఫానే. మా కోడలి కుట్టు అని కూడా చెప్పారట."

పెద్దకోడలు చివరి అక్షరం దాకా చదివింది. పెద్దాయన ముఖం కళ్ల ముందు మెదిలింది. అందరూ ఏనాడో నవ్వేసి మర్చిపోయిన మాటకు, తన వంతు నవ్వు ఆమె ఇప్పుడు నవ్వింది.