ఫోను ఊడ్చేసిన ఊపిరి

కథలక్క గొంతు పని అయిపోయిందని తేల్చడానికి మేనేజరుకు ఒక ఫోనూ ఒక జత హెడ్‌ఫోన్సూ సరిపోయాయి.

కథలక్క అంటే ఆడియో పుస్తకాల కంపెనీలో నవలలు చదివే ఆవిడ. అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకు తప్ప ఆ ఆఫీసులో ఎవరికీ గుర్తు లేదు. ముప్పై దాటిన కొత్తలో వచ్చి మైకు ముందు కూర్చుంది. ఇప్పుడు జుట్టుకు రంగు వేయడం కూడా మానేసింది. వంట చేసుకుంటూ, బస్సులో కమ్మీ పట్టుకుని వేళ్ళాడుతూ, నిద్ర పట్టక పక్క మీద దొర్లుతూ ఆవిడ చదివిన కథలు విన్నవాళ్ళు ఎంతమందో లెక్కలేదు. ఎదురుపడితే ఒక్కరూ గుర్తుపట్టరు. నోరు తెరిస్తే మాత్రం చేతిలో సంచీ కింద పెట్టి మరీ నిలబడిపోతారు.

ఆ రోజు మేనేజరు తన గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, నీళ్ళ గ్లాసు తనే ముందుకు జరిపాడు. ఇంత మర్యాద చేస్తున్నాడంటే తనకేదో మూడిందని ఆవిడకు అప్పుడే అర్థమైంది.

"ఏమీ అనుకోకండక్కా. కొత్త నవల మీరు చదివినంత వరకూ నా ఫోన్‌లో విన్నాను. వాక్యం చివరికొచ్చేసరికి మాట మింగేస్తున్నారు. ఊపిరి అందట్లేదేమో అనిపిస్తోంది."

"నాకా?"

"వయసు కదా. ఎవరికైనా తప్పదు." తన హెడ్‌ఫోన్సు తీసి ఆవిడ చేతికిచ్చాడు. "ఇప్పుడిది వినండి."

విన్నది. అదే నవల, అదే పేజీ. చదువుతున్నది మాత్రం ముప్పై ఏళ్ళ కథలక్క. నున్నటి గొంతు, ఎక్కడా తొట్రుపాటు లేదు. అబద్ధమెందుకు, వినగానే ఆవిడకు కాస్త మురిపెంగానే అనిపించింది. ఆ తర్వాతే ఒళ్ళు జలదరించింది. ఈ పుస్తకం రాసింది నిన్న మొన్న. ఆ వయసులో తను ఈ పేజీ చదివే వీలే లేదు.

"మీ పాత పుస్తకాలన్నీ మిషన్‌కి వినిపించాం. నేర్చేసుకుంది," అన్నాడు మేనేజరు, ఇంట్లో పిల్లాడికి నడక వచ్చిందని చెప్పినట్టు. "మీరు ఒప్పుకుంటే ఇకమీదట అన్నీ ఇదే చదువుతుంది. పేరు మీదే ఉంటుంది. మీరు హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు."

"ఒప్పుకోకపోతే?"

"ఈ గొంతుతో పుస్తకం బయటికి పంపలేం కదక్కా. వేరే ఎవరినైనా చూసుకోవాలి. ఆఫీసులో అందరికీ ఈ ఫోన్‌లోనే వినిపించాను, మిషన్‌దే బాగుందన్నారు. రేపు మేడం వస్తున్నారు. ఏదో ఒక మాట అప్పుడు చెప్పండి."

కథలక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ మాట నిజంగానే మింగేస్తున్నానేమో అన్న అనుమానం అప్పటికే లోపల దూరి కూర్చుంది. రెండు రికార్డింగులూ తన ఫోనుకు పంపించుకుని బయటపడింది.

ఇంటికి పోలేదు, తిన్నగా ఆడపడుచు దుకాణానికి పోయింది. ఆడపడుచు ఫోన్లు బాగుచేస్తుంది. వీధి వాళ్ళంతా ఆమెను డాక్టరమ్మ అంటారు. మనిషి అడ్డంగా నిలబడితే నిండిపోయే దుకాణం. అద్దాల బల్ల, దాని మీద మెడ వంచిన దీపం, పగిలిన తెరలు వేసిన రేకు డబ్బా, సగం విప్పిన ఫోన్లు, కాలిన సీసం వాసన.

"ఏంటొదినా, ముఖం ఛార్జింగ్ అయిపోయినట్టుంది," అంది ఆడపడుచు తలెత్తకుండానే.

"మీ అన్నయ్యను చేసుకున్న రోజే అయిపోయింది. ఆ స్క్రూలు పక్కన పెట్టి నా మాట విను."

జరిగిందంతా చెప్పింది. చెబుతుంటే గొంతు వణికింది, ఆ వణుకు మీద ఇంకా కోపమొచ్చింది. "నా గొంతు పోయిందా లేదా, నిజం చెప్పు. మొహమాటపడకు."

"మన మధ్య మొహమాటం ఎప్పుడేడ్చింది," అంటూ ఆడపడుచు బల్ల కింద సొరుగు లాగి, అమ్మకానికి పెట్టిన పాత ఫోన్లు కొన్ని బయటికి తీసింది. మేనేజరు దగ్గరున్న రకం కూడా వాటిలో ఉంది. వైరున్న హెడ్‌ఫోన్సు ఒకటే, అన్నిటికీ అదే. మేనేజరు రకానికి పిన్ను గుచ్చే చోటే లేకపోతే, "ఖరీదు పెంచి కన్నం పీకేశారు," అని తిట్టుకుంటూ దానికో అడాప్టరు తోక తగిలించింది. కథలక్క రికార్డింగు అన్నిటిలోకీ ఎక్కించి, ఒక్కోదాని సౌండు పెంచి తగ్గించి సమానం చేసింది.

"ఇదెందుకు?"

"కొంచెం గట్టిగా వినిపిస్తే చాలొదినా, అదే బాగుందనుకుంటారు. నా దగ్గర కొనేవాళ్ళంతా బోల్తా పడేది అక్కడే."

మొదటిది చవక ఫోను. గొంతు తెర వెనక నుంచి వస్తున్నట్టుంది, కానీ మాటలన్నీ ఉన్నాయి. రెండోది పాటల కోసం చేసింది. పక్కన ఎవరో డ్రమ్ము వాయిస్తున్నట్టు ప్రతి మాటకూ అడుగున దడదడ. అయినా మాటలన్నీ ఉన్నాయి. మూడోది మేనేజరు రకం. అందులో గొంతు కడిగిన గాజులా ఉంది. "ఆవిడ తలుపు తీసే ఉంచింది" అన్న వాక్యం దగ్గర మాత్రం "తీసే ఉం" వరకూ వచ్చి ఆగిపోయింది. తర్వాతి వాక్యమూ అంతే, ఆ తర్వాతదీ అంతే.

కథలక్క హెడ్‌ఫోన్సు చెవులకు అదిమి పట్టుకుంది. వాక్యం చివర ఆవిడ గొంతు తగ్గిస్తుంది. ఆఖరి మాటను ఊపిరితో కలిపి, నిండు బిందెను నేల మీదికి దించినట్టు మెల్లగా దించుతుంది. ఎవరూ నేర్పలేదు, చదవగా చదవగా అబ్బిన పద్ధతి. వినేవాళ్ళు ఆవిడ దగ్గర మరిగింది ఆ దించడానికే. ఆ ఫోన్లో ఊపిరి లేదు, ఎక్కడా లేదు.

"నా ఊపిరేదే?" అంది.

ఆడపడుచు ఫోను లాక్కుని సెట్టింగుల్లో తవ్వింది. లోపలెక్కడో 'శుభ్రమైన శబ్దం' అని ఒకటి కనబడింది. కొన్న రోజు నుంచే ఆన్‌లో ఉంటుందట.

"ఊపిరిని చెత్త అనుకుని ఊడ్చేస్తోందొదినా. ఊడ్చేటప్పుడు పక్కనున్న మాట కూడా పోతోంది. ఆ మిషన్ గొంతుకు ఊపిరే లేదు కాబట్టి దాని జోలికి పోవట్లేదు."

అది ఆపేసి, మళ్ళీ పెట్టి, ముందు తనే విన్నది. వింటూ వింటూ దీపం పక్కకు తిప్పేసింది. ఆ మనిషి వేళాకోళం ఆడలేదంటే భయపడాల్సిందే.

"ఏమైంది? చెప్పు."

"మాటలన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు," అని ఆగి, "కానీ వయసు వినిపిస్తోందొదినా," అంది.

కథలక్క కూడా విన్నది. నిజమే. గొంతులో ఎండిన ఆకుల గరగర. పెద్ద వాక్యానికి ముందు ఊపిరి కూడదీసుకోవడం స్పష్టంగా తెలుస్తోంది. ఇన్నేళ్ళూ తప్పులు పట్టుకోవడానికే తన రికార్డింగులు విన్నది గానీ తనను తాను వినలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాధేసింది, చాలా బాధేసింది. ఆ తర్వాత మిషన్‌ది పెట్టమంది. ఆ పేజీలో ఒక ముసలామె కొడుకు కోసం తలుపు తీసి ఎదురుచూస్తుంది. ముప్పై ఏళ్ళ గొంతు ఆ ఎదురుచూపును పక్కింటి కబురు చెప్పినంత తేలిగ్గా చదివేసింది.

"వయసు వినిపిస్తే వినిపించనీ," అంది కథలక్క, ముక్కు తుడుచుకుంటూ. "ఈ ఫోన్లన్నీ రేపటికి అరువివ్వు."

మర్నాడు మేడం గదిలో బల్ల మీద ఫోన్లు వరసగా పేర్చింది. మేడం అంటే కంపెనీ యజమానురాలు. బయటి చప్పుడు రాకుండా గోడలకు పరుపులు కట్టిన ఒక్క గదిలో ఈ వ్యాపారం మొదలుపెట్టిన మనిషి.

"దుకాణం తెరిచారేంటక్కా," అని మేనేజరు నవ్వాడు.

"అవును. మీ ఫోను కూడా ఇలా పెట్టండి."

మేడం అన్నిటిలో విన్నది. మేనేజరు ఫోనులో రెండుసార్లు విన్నది, సెట్టింగు ఉండగా ఒకసారి, ఆపి ఒకసారి. విన్నాక ఫోను అతనికిచ్చి వినమంది. అతను విని, ఆ సెట్టింగు తనే ఇంకోసారి వేసి ఆపి చూసుకున్నాడు. కానీ తగ్గే రకం కాదు.

"సరే, మాట మింగట్లేదు, ఒప్పుకుంటాను. కానీ మేడం, ఇలాంటి ఫోన్లే ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్నాయి. వినేవాళ్ళంతా సెట్టింగులు వెతుక్కుంటూ కూర్చుంటారా? వెతుక్కుని ఆపినా వినిపించేది వయసే కదా."

"వెతుక్కోమని నేనే చెప్తాను," అంది కథలక్క. "ప్రతి పుస్తకం మొదట్లో, నా నోటితోనే. ఇదిగో ఇది ఆపుకోండి, లేకపోతే సగం కథే వింటారు అని. వాళ్ళు నా మాట వింటారు, అలవాటే."

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అది కాదు. నీ కష్టం తగ్గుతుంది కదా అని నేనూ ఆలోచిస్తున్నా. నీ గొంతే కదా చదివేది, ఇంకెవరిదో కాదు. ఎందుకింత పట్టుదల?"

రాత్రంతా కథలక్క చాలా మాటలు కూర్చుకుంది. అవన్నీ ఆ క్షణాన ఎక్కడికో పోయాయి. మిగిలింది ఒక్కటే.

"మేడం, ఆ ముప్పై ఏళ్ళ పిల్లను మీరూ ఎరుగుదురు. ఒళ్ళో పసిబిడ్డను జోకొడుతూ మీ పరుపుల గదిలో కూర్చుని చదివింది. బిడ్డ ఏడిస్తే ఆపి, నిద్రపోతే మళ్ళీ మొదలుపెట్టేది. జ్వరమొచ్చినా చదివింది. అది చదవాల్సినవన్నీ చదివేసింది. దాన్ని మళ్ళీ పనికి పంపను. పని ఉంటే నేనున్నాను, నాకివ్వండి. నేను మీకు అక్కర్లేదంటే చెప్పండి, ఆ పిల్లా నేనూ ఇద్దరం వెళ్ళిపోతాం."

మేడం మళ్ళీ హెడ్‌ఫోన్సు పెట్టుకుంది. ఎంతసేపు వింటుందోనని మేనేజరు గోడ గడియారం వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, చివరికి కూర్చున్నాడు.

"ఆఖరి భాగం ఎప్పుడు చదువుతావు?" అని అడిగింది మేడం హెడ్‌ఫోన్సు తీస్తూ.

"ఇప్పుడే."

"ఈ పుస్తకానికి సరే మేడం," అన్నాడు మేనేజరు. "తర్వాతది తర్వాత చూద్దాం."

"అప్పుడూ ఇక్కడే ఉంటాను, ఇదే చెప్తాను," అని ఫోన్లు సంచీలో వేసుకుని కథలక్క రికార్డింగు గదిలోకి నడిచింది.

అద్దం అవతల రికార్డింగు చేసే పెద్దాయన మీటలు సరిచేసుకుంటున్నాడు. సంగతంతా అప్పటికే ఆయన చెవిన పడింది. భయపడుతూనే మైకులో అన్నాడు, "అక్కా, ఎందుకైనా మంచిది, ఊపిరి కాస్త పక్కకు తిరిగి తీసుకోండి. వినబడకుండా."

కథలక్క కుర్చీ ముందుకు లాక్కుంది. మైకుకు ఎదురుగా, పెదవులు తగిలేంత దగ్గరగా కూర్చుని, ఎర్ర దీపం వెలిగేదాకా ఆగింది. వెలిగాక గుండెల నిండా ఊపిరి తీసుకుని చదవడం మొదలుపెట్టింది.